కట్టని సుంకాన్ని కాపాడే గోడౌన్ గారికి

బాండెడ్ గోడౌన్ గారూ,

నమస్కారం. నేను పారిస్ కార్నర్ దగ్గర లింగిచెట్టి వీధిలో, బేకరీ ఓవెన్లు దిగుమతి చేసే ఓ చిన్న కంపెనీలో లెక్కలు రాసుకునేవాణ్ని. తమరు మాధవరంలో ఉంటారు, దిగుమతి సరుకుని కస్టమ్స్ సుంకం (డ్యూటీ) కట్టకుండానే దాచుకోనిస్తారు. మా ముదలాళికి, అంటే యజమానికి, సొంత తమ్ముడి మీద లేని నమ్మకం మీ మీద ఉంది. సరుకు హార్బర్‌లో దిగకముందే "బాండ్‌లో పడేయ్, డ్యూటీ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. ఆ 'తర్వాత' ఎంత ఖరీదైనదో రాసుకునే ఉద్యోగం నాది కాబట్టి ఈ ఉత్తరం.

మీ గొప్పతనాన్ని కాదనే ధైర్యం నాకు లేదు. కరెంటు బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే ఫీజు పీకుతామనే ఈ దేశంలో, ప్రభుత్వానికి ఇవ్వాల్సింది తర్వాత ఇస్తానంటే సరేనని 1962 కస్టమ్స్ చట్టంలోనే రాయించుకున్నారు మీరు. కోటి రూపాయల సరుకు వచ్చిందనుకుందాం. బేసిక్ డ్యూటీ 10 శాతమైతే 10 లక్షలు. దాని మీద సర్‌చార్జి 10 శాతం, అంటే ఇంకో లక్ష. అంతా కలిపి కోటీ 11 లక్షల మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, 18 శాతం, 19.98 లక్షలు. ఒక్క ఓవెన్ కూడా అమ్ముడుపోకముందే దాదాపు 31 లక్షలు కక్కాలి. మీ గుమ్మం తొక్కితే ఆ డబ్బు జేబులోనే ఉంటుంది. రెండు ఓవెన్లకి గిరాకీ వస్తే ఆ రెంటికే ఎక్స్‌బాండ్ బిల్లు (మీ దగ్గర్నుంచి సరుకు బయటికి తీసే కస్టమ్స్ కాగితం) వేసి, ఆ రెంటికే డ్యూటీ కట్టి తెచ్చుకోవచ్చు. మిగిలినవి కొలంబోకి ఎగుమతి చేసేస్తే డ్యూటీయే లేదు. ఇంతవరకు మీకు దండం పెట్టాల్సిందే.

కాకపోతే లోపలికి రానివ్వడానికి మీరు అడిగే బాండు, అదే హామీపత్రం, ఉంది చూశారూ, అది డ్యూటీకి మూడింతలు. ఇప్పుడు 31 లక్షలు కట్టలేనివాడు 93 లక్షలకి సంతకం పెట్టాలి. అప్పు తీర్చలేనివాణ్ని పూచీకత్తు ఉండమన్నట్టుంటుంది. అయినా మా ముదలాళి ఆ కాగితం మీద పెన్ను ఆడించే వేగం చూడాలి!

మా సరుకును మేం వచ్చి చూసుకోవచ్చు, కొనేవాడికి చూపించుకోవచ్చు కూడా. తీసుకెళ్లడం మాత్రం కుదరదు. మొన్న తాంబరం నుంచి ఒక బేకరీ ఆయన్ని తీసుకొచ్చాను. చెక్కపెట్టె మీద బాణం గుర్తు నేలచూపు చూస్తోంది, అంటే పెట్టెను తలకిందులుగా దించారు. ఒక మూల ఎలుకలు థర్మోకోల్‌ను రవ్వ చేసి పోశాయి. బాండ్ నంబరు రాసిన సుద్దముక్క గీతలు సగం చెరిగిపోయాయి. ఆయన ఓవెన్ తలుపు తెరిచి, మూసి, "కొత్తదేనా సార్?" అన్నాడు. కొత్తదే. వయసే కొంచెం ఎక్కువ.

ఇక వడ్డీ. మొదటి 90 రోజులు మీరు బంగారం. 91వ రోజు నుంచి కట్టని డ్యూటీ మీద ఏడాదికి 15 శాతం. 31 లక్షల మీద నెలకి 38 వేల పైచిలుకు. మీ అద్దె, ఇన్సూరెన్సు, దించుడు ఎక్కించుడు కూలీ వేరే. పైగా ఆ 31లో దాదాపు 20 లక్షలు ఐజీఎస్టీ. కడితే అది మా అమ్మకాల జీఎస్టీలో తగ్గించుకునే క్రెడిట్‌గా ఎటూ తిరిగొస్తుంది. మీ వల్ల కట్టే వడ్డీ మాత్రం ఏ రిటర్నులోనూ తిరిగిరాదు. ఈ ముక్క చెబితే ముదలాళి, "నువ్వు లెక్కలు చూడు, వ్యాపారం నేను చూస్తా" అన్నారు.

ఆయన వ్యాపారం ఏమిటంటే బడ్జెట్ కోసం కాచుక్కూర్చోవడం. రూపాయి మారకం రేటు సరుకు మీ దగ్గరికి వచ్చేటప్పుడు వేసిన బిల్లు నాటిదే. డ్యూటీ రేటు మాత్రం బయటికి తీయడానికి ఎక్స్‌బాండ్ బిల్లు వేసిన రోజుది. రేటు తగ్గేదాకా ఆగితే లాభమే కదా అన్నది ఆయన సిద్ధాంతం. 2024 జులైలో బంగారం మీద 15 శాతం కాస్తా 6 అయ్యేసరికి ఆఫీసులో మైసూర్‌పాక్ పంచారు. మా దగ్గర బంగారం లేదు, అయినా పంచారు. అదే ఏడాది సెప్టెంబరు 14న ముడి పామాయిల్ మీద బేసిక్ డ్యూటీ సున్నా నుంచి 20 శాతానికి ఎగిరింది. ముందురోజు ఎక్స్‌బాండ్ బిల్లు వేయకుండా ట్యాంకుల్లో నూనె ఉంచుకున్నవాళ్ల మొహాలు ఎలా ఉండుంటాయో నేను అడిగితే మాట మార్చేశారు. నూనె, బంగారం అంటే ఢిల్లీలో ఎవరికో ఒకరికి గుర్తుంటాయి. బేకరీ ఓవెన్ ఎవరికి గుర్తుంటుందండీ?

మీలో నాకు అన్నిటికంటే నచ్చింది గడువు విషయం. మామూలు సరుకుకు ఏడాది. తర్వాత కమిషనర్ గారు పొడిగిస్తేనే. పొడిగించకపోతే, ఓవెన్లు మీ మూలనే దుమ్ము తింటున్నా, గడువు ముగిసిన రోజునే అక్రమంగా బయటికి వెళ్లిపోయినట్టు లెక్క. 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాటే ఇది. డ్యూటీ రేటు కూడా ఆ రోజుదే పడుతుంది, ఆ తర్వాత బడ్జెట్‌లో ఎంత తగ్గినా సరే. వేదాంతం చెప్పేవాళ్లు కూడా ఉన్నదాన్ని లేదని ఇంత కచ్చితంగా చెప్పలేరు.

పెద్ద ఫ్యాక్టరీలను మాత్రం మీరు వేరే పీట మీద కూర్చోబెడతారు. 2019 నియమాల ప్రకారం ఫ్యాక్టరీయే బాండెడ్ గోడౌన్ అయిపోవచ్చు. దిగుమతి మెషీన్లు అక్కడే తిప్పుకుంటూ డ్యూటీ వాయిదా వేసుకోవచ్చు, 91వ రోజు భయం లేదు. మేం ఓవెన్‌లో కనీసం ఒక బన్ను కాల్చుకుంటామన్నా కుదరదు.

2016కి ముందు గోడౌన్‌కి రెండు తాళాలు, ఒక తాళంచెవి ఆఫీసరు గారి దగ్గర ఉండేదట. ఇప్పుడు మాలాంటి సరుకుకు ఆ తాళం లేదు, అంతా రిజిస్టర్ల మీద నమ్మకమే. పాత పద్ధతే మేలేమో అనిపిస్తుంది. ఆఫీసరు సెలవులో ఉన్నారని చెప్పైనా మా ముదలాళిని ఆపేవాణ్ని.

ఇంతకీ అసలు పని. ఆయన ఇంకో కంటైనర్ ఆర్డర్ పెట్టారు. ఎన్నూరులో దిగుతుంది. చోటు కోసం రేపో ఎల్లుండో మీ మేనేజర్‌కి ఫోన్ చేస్తారు. "ఇడం ఇల్ల సార్" (చోటు లేదు సార్) అని ఒక్క ముక్క చెప్పించండి చాలు. నేను చెప్పమన్నానని మాత్రం చెప్పించకండి.

ఇట్లు,
మీ అద్దె చెక్కులు రాసే గుమాస్తా,
లింగిచెట్టి వీధి, చెన్నై