ఆయాసం అత్యవసరం కాదా?

మహమ్మారి వచ్చిన కొత్తలో ప్రతి ఆరోగ్య వ్యవస్థా ఒక జాబితా రాసుకుంది. ఏ సేవలు నడవాలి, ఏవి ఆగాలి అని. రాసుకోవద్దని అనను. మనుషులు తక్కువ, మాస్కులు తక్కువ, పడకలు తక్కువ. కానీ మా విభాగం అందులో ఏ వరసలో పడిందో చూసినప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. మంచాన పడ్డ పెద్దవాళ్లని ఇళ్లకెళ్లి చూసే పాలియేటివ్ కేర్ నర్సుని నేను. నయంకాని జబ్బున్నవాళ్లకి నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే వైద్యం మాది. మేం ఇళ్లకి వెళ్లడం 'వాయిదా వేయదగిన' పనట. మోకాలి ఆపరేషన్ వాయిదా వేస్తే ఆ మనిషి కుంటుకుంటూనైనా వచ్చే ఏడాది దాకా ఉంటాడు. మేం చూసేవాళ్లలో చాలామందికి వచ్చే నెలే లేదు. వాళ్లకి వాయిదా అంటే రద్దే.

చావు దగ్గరపడ్డ మనిషి బాధ తగ్గించడం తీరుబడిగా చేసే సేవ కాదు. అంతమంది ఒక్కసారిగా పోతున్న కాలంలో అది అత్యవసర వైద్యంలో భాగంగా ఉండాలి. వెంటిలేటర్ పక్కన, దానితో సమానంగా. దీని మీద నాతో వాదించినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరి మాటా నాకు ఎక్కలేదు.

ఆయాసం సంగతే తీసుకోండి. కోవిడ్‌తో పోయిన పెద్దవాళ్లని ఎక్కువగా హింసపెట్టింది ఊపిరి అందకపోవడం, దాని వెంటే వచ్చే భయం, గాభరా. ఇంట్లోవాళ్ల చూపంతా వేలికి తగిలించిన ఆక్సీమీటర్ మీదే ఉండేది. 88 అయింది, 85 అయింది అని ఫోన్లు. ఆ అంకె వేరు, మనిషి పడే యాతన వేరు. అంకె బాగా పడిపోయినా నెమ్మదిగా ఉన్నవాళ్లని చూశాను, అంకె బాగానే ఉన్నా గాలి చాలక కొట్టుకులాడినవాళ్లనీ చూశాను. ఆక్సిజన్ అంకెని పెంచొచ్చు, యాతనని ప్రతిసారీ తగ్గించదు. అక్కడ పనికొచ్చేది మార్ఫిన్ అనే గట్టి నొప్పిమందు, చిన్న మోతాదులో. గాలి చాలడం లేదన్న మెదడు కంగారుని అది తగ్గిస్తుంది.

'మార్ఫిన్ ఇస్తే తొందరగా పోతారటగా' అని అడగని కుటుంబం లేదు. వాళ్లని ఏమీ అనను. డాక్టర్లలోనూ కొందరు లోలోపల అదే నమ్ముతారు, ఒళ్లు మండేది అక్కడే. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మనిషిని చూసుకుంటూ, అవసరాన్ని బట్టి పెంచుకుంటూ పోతే అది ప్రాణం తీయదు. మలబద్ధకం మాత్రం తెస్తుంది, అందుకే దాంతోపాటే విరేచనానికి మందు రాయాలి. అది రాయకుండా మార్ఫిన్ ఒక్కటే రాసి పంపేవాళ్లంటే నాకు ఇంకో రకం కోపం, దాని గురించి వేరే పోస్ట్ పెట్టాలి.

మందు కాకుండా మేం నేర్పే వాటిలో మొదటిది చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను. ముఖానికి చల్లగాలి తగిలితే ఆయాసం కాస్త నెమ్మదిస్తుంది. వినడానికి చాదస్తంలా ఉంటుంది గానీ పనిచేస్తుంది. కోవిడ్‌లో దాన్నీ వద్దన్నారు, తుంపర్లు గదంతా వ్యాపిస్తాయని. సరే, అందులో న్యాయముంది. చల్లని తడిగుడ్డతో ముఖం తుడవండి, కాస్త ముందుకు వాలేలా కూర్చోబెట్టండి, కిటికీ తీయండి అని ఫోన్లో చెప్పుకుంటూ వచ్చాం.

చివరి గంటల్లో గాభరా తగ్గించడానికి వాడే మిడజోలం అనే మందుంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లని మత్తులో ఉంచడానికీ అదే వాడతారు. 2020లో ఐసీయూలు నిండిపోయేసరికి అది కొరత పడింది. ఎవరికి ఎంత పంచాలో తేల్చే సమావేశాల్లో ఐసీయూ తరఫున మాట్లాడేవాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. ఇంట్లో మంచం మీద ఊపిరందక అల్లాడే ముసలామె తరఫున ఆ బల్ల దగ్గర కూర్చున్నదెవరు?

ఇదంతా కోవిడ్ తెచ్చిపెట్టిన కొరత అనుకుంటే పొరపాటు. పాలియేటివ్ కేర్ అవసరమైనవాళ్లలో దాదాపు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందునుంచీ మొత్తుకుంటోంది. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ వేసిన లెక్కలో ప్రపంచమంతా ఏటా పంపిణీ అయ్యే మార్ఫిన్ తరహా మందులు 298.5 టన్నులు, అందులో అతి పేద దేశాలకు చేరేది 0.1 టన్ను. అంటే వంద కిలోలు. మాదకద్రవ్యాల మీద 1961లో దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒప్పందం కూడా ఈ మందులు నొప్పి, బాధ తగ్గించడానికి తప్పనిసరి అని, అవి దొరికేలా చూడాలని మొదట్లోనే చెప్తుంది. ప్రభుత్వాలు అందులో అదుపు గురించి ఉన్న సగాన్ని శ్రద్ధగా చదివి, రెండో సగాన్ని మడిచి పెట్టేశాయి. అలా మడిచి పెట్టినచోటే మహమ్మారి వచ్చి పడింది.

'వెంటిలేటర్లు తక్కువున్నప్పుడు బతికే అవకాశం ఎక్కువున్నవాళ్లకే ఇవ్వాలి కదా' అంటారు. ఇవ్వండి. ఎనభై ఐదేళ్ల వయసులో, ఒళ్లంతా జబ్బులతో ఉన్న మనిషికి గొట్టం వేసి వారాల తరబడి మత్తులో పడుకోబెట్టడం చాలాసార్లు మేలు చేయదు. అది ఒప్పుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు. వద్దనుకునే హక్కు ఆ పెద్దాయనకీ ఉంది. కానీ ఎవరికి వెంటిలేటర్ ఇవ్వాలో తేల్చడానికి అంత కష్టపడి ప్రశ్నావళులు, పాయింట్లు తయారుచేసినవాళ్లు, ఇవ్వనివాళ్లకి ఏం ఇస్తారో ఎన్ని చోట్ల రాశారు? విపత్తుల్లో బతికించలేమని పక్కన పెట్టినవాళ్లకి కూడా నొప్పి, ఆయాసం తగ్గించే వైద్యం అందాల్సిందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే ఒక మార్గదర్శిని వేసింది, కోవిడ్‌కి రెండేళ్ల ముందు. అంటే తెలియక జరిగిందని చెప్పుకునే వీలు కూడా లేదు.

ఇక ఇళ్ల సంగతి. రద్దీ తగ్గించాలని ఆస్పత్రులు పెద్దవాళ్లని ఇంటికి పంపేశాయి. మంచిదే, ఇంట్లోనే పోవాలని కోరుకునేవాళ్లు చాలామంది. కానీ ఇల్లంటే నాలుగు గోడలు కాదుగా. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు మీద, తుంటి మీద పుండ్లు పడతాయి. నోరు ఎండిపోతే తడిపే మనిషి కావాలి. మూత్రం గొట్టం చూడాలి, పక్క మార్చాలి, మింగలేనప్పుడు మాత్రల బదులు ఇంకో దారి చూడాలి. ఇవన్నీ ఎవరు చేశారనుకుంటున్నారు?

భార్య మంచం పక్కన తనూ ముసలివాడే అయిన ఒక భర్త. మేం వెళ్లే వీల్లేదు, పిల్లలు వేరే దేశంలో, విమానాల్లేవు. ఆవిడకి చర్మం కింద పెట్టిన సన్నని సూదిగొట్టంలోంచి మందు ఎక్కించడం వీడియో కాల్లో నేర్పాను. ఆయన చేతులు వణికేవి. 'అమ్మా, సిరంజిలో బుడగ వచ్చింది, ప్రమాదమా?' అని అడిగేవారు. చర్మం కిందకి ఇచ్చేదానికి చిన్న బుడగ వల్ల ఏమీ కాదు బాబాయిగారూ అనేదాన్ని. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న. ఇచ్చిన ప్రతి మోతాదూ టైముతో సహా గోడమీది క్యాలెండర్ మీద రాసేవారు, మా ఆస్పత్రి రికార్డులకన్నా శుభ్రంగా. ఈ మాట చెప్తే అందరూ 'ఎంత ప్రేమో' అంటారు. ప్రేమే, కాదన్నదెవరు. కానీ ముసలి మనిషి చేత అర్ధరాత్రి నర్సు డ్యూటీ చేయించి, దానికి ప్రేమ అని పేరు పెట్టుకోవడం వ్యవస్థకి భలే చవకైన ఏర్పాటు. ఆయన ఎప్పుడు పడుకున్నారో, ఏం తిన్నారో, ఆయన బీపీ మందులు వేసుకున్నారో అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

డబ్బిచ్చి పెట్టుకున్న ఆయాల గురించి అసలు ఎవరూ మాట్లాడరు. రోజుకి నాలుగిళ్లు తిరిగి ఒళ్లు తుడిచి, డయాపర్ మార్చి వచ్చే మనిషికి పీపీఈ కిట్లు అందింది ఆస్పత్రులన్నిటికీ అందాక. ఒకే మాస్కుని ఉతికి ఆరేసుకుని వాడినవాళ్లు నాకు తెలుసు. ఒంట్లో బాగాలేదని ఇంట్లో ఉండిపోతే ఆ రోజు కూలి పోతుంది. అలాంటి మనిషి జ్వరం దాచుకుని పనికొస్తే తిట్టడం సులువు.

వృద్ధుల ఆశ్రమాలు, కేర్‌హోమ్‌లు ఇంకో కథ. చాలా దేశాల్లో కోవిడ్ మరణాల్లో 40 శాతానికి పైగా ఇలాంటి చోట్లతో ముడిపడినవేనని 2020 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ ఏడాది మార్చిలో ఇంగ్లండ్‌లో ఆస్పత్రి పడకలు ఖాళీ చేయించడానికి పెద్దవాళ్లని కేర్‌హోమ్‌లకు పంపారు. లక్షణాలు లేనివాళ్ల నుంచి కూడా సోకవచ్చన్న ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసిన ఆ విధానం చట్టవిరుద్ధమని అక్కడి హైకోర్టు 2022 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. గుండె ఆగితే మళ్లీ ఆడించే ప్రయత్నం చేయొద్దన్న నిర్ణయాన్ని మనిషి మనిషినీ అడక్కుండా ఒక హోమ్‌లో ఉన్నవాళ్లందరికీ గంపగుత్తగా రాసేసిన ఉదంతాలూ అక్కడే బయటపడ్డాయి.

దీని మీద నాకు రెండింతల కోపం. ఎందుకంటే ఆ సంభాషణ మా పనిలో గుండెకాయ. కూర్చుని, తొందర పెట్టకుండా, 'మీకేది ముఖ్యం, దేనికి భయం, ఎక్కడ ఉండాలనుంది' అని అడిగి, విని, రాసుకోవాలి. మనసు మారితే కొట్టేసి మళ్లీ రాయాలి. అది మనిషి గొంతుకి చోటివ్వడం. దాన్నే ఒక ఆఫీసు కాగితంగా మార్చి అందరి ఫైళ్లలో పెట్టేస్తే, రేపు నేను ఎవరి మంచం పక్కన కూర్చుని ఆ మాట ఎత్తినా 'నన్ను వదిలించుకోవడానికి వచ్చావా' అన్నట్టు చూస్తారు. చూశారు కూడా.

పెద్దవాళ్లలో జబ్బు కూడా పుస్తకంలో రాసినట్టు రాదు. కొందరికి జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. ఉన్నట్టుండి పిచ్చిగా మాట్లాడటం, తిండి మానేయడం, నడుస్తూ నడుస్తూ పడిపోవడం, లేదా రోజంతా మగతగా ఉండిపోవడం, అంతే. 'వయసైపోయింది, చాదస్తం' అని వదిలేసిన ఇళ్లెన్నో. వారానికోసారి చూసే నర్సు మొహం చూడగానే తేడా పట్టేస్తుంది. ఆ వారానికోసారిని ఆపేశాక ఫోన్లో ఏం పట్టాలి? చెవులు సరిగా వినబడని మనిషి పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. మాస్కుతో అదీ పోయింది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకి ఫోన్ తెరలో కూతురు కనిపిస్తే ఊరట కన్నా కంగారే ఎక్కువైన సందర్భాలు చూశాను.

సందర్శకులని ఆపేయడం తప్పదు అన్నారు. మొదటి వారాల్లో ఒప్పుకుంటాను. తర్వాత? నెదర్లాండ్స్‌లో 2020 మేలో 26 నర్సింగ్ హోమ్‌లలో జాగ్రత్తలతో, ఒక్కొక్కరికి ఒక్క సందర్శకుడి చొప్పున తెరిచి చూశారు. మొదటి మూడు వారాల్లో కొత్త కేసు ఒక్కటీ రాలేదు. అంటే దారులున్నాయి, వెతకాలంతే. మంచం పక్కన కూర్చునే కూతుర్ని షికారుకొచ్చిన చుట్టంలా లెక్కగట్టి గేటు దగ్గరే ఆపేసినచోట, లోపల ఆమె చేసే పనిని చేయడానికి ఇంకో మనిషిని మాత్రం పెట్టలేదు.

మా పనికి బాట వేసిన సిసిలీ సాండర్స్ నర్సుగా, సోషల్ వర్కర్‌గా పనిచేసి, ఆ తర్వాత వైద్యం చదివిన మనిషి. 1967లో లండన్‌లో చివరి రోజుల్లో ఉన్నవాళ్లని చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్ మొదలుపెట్టి, రెండేళ్లకే ఇళ్లకి వెళ్లి చూసే బృందాన్నీ నడిపించింది. నొప్పి అంటే ఒళ్లు నొప్పి ఒక్కటే కాదు, మనసుది, కుటుంబానిది, నమ్మకాలది కూడా అని ఆవిడ అప్పుడే చెప్పింది. తొందరగా పాలియేటివ్ కేర్ మొదలుపెట్టిన ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు మెరుగ్గా, కొంచెం ఎక్కువ కాలం కూడా బతికారని 2010లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపించింది. అయినా ఇప్పటికీ మా పేరు వినగానే 'అంటే ఇక చేసేదేం లేదా?' అని అడుగుతారు. చేసేది బోలెడుంది. చేసేవాళ్లని ఇంట్లో కూర్చోమన్నారు.

మందులు ముందే ఇంటికి చేర్చి పెట్టడం, రాత్రిపూట ఫోన్ ఎత్తే నర్సు, ఆయాలకి కిట్లు, జబ్బు చేస్తే కూలి పోకుండా సెలవు. వీటికేమీ ఆకాశం నుంచి యంత్రాలు దిగిరానక్కర్లేదు. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రకటించారు, తర్వాతి మహమ్మారికి సిద్ధం కావడం గురించి సదస్సుల మీద సదస్సులు జరుగుతున్నాయి. వాటిలో మా మాట ఎవరు ఎత్తుతారో చూస్తూనే ఉన్నాను.

అవి తెమిలేలోపు, మీ ఇంట్లో మంచాన ఉన్న పెద్దవాళ్లుంటే ఈ వారమే వాళ్ల డాక్టర్ని అడగండి. రాత్రి ఆయాసం ఎక్కువైతే ఇంట్లో ఏ మందు ఉండాలి, ఎంత ఇవ్వాలి, ఎవరికి ఫోన్ చేయాలి. కాగితం మీద రాయించుకోండి. 'ఆస్పత్రికి తీసుకొచ్చేయండి' అన్నది ఒక్కటే జవాబైతే, ఆస్పత్రిలో చోటు లేని రోజున ఏం చేయాలో కూడా అడగండి.