గడ్డం ఖర్చును ఆఖరికి తోయొద్దు

"అక్కా, నా దగ్గర ఇరవై వేలుంది. ముందు హార్మోన్లు మొదలుపెట్టేదా, గడ్డం తీయించుకునేదా?"

పోయిన ఏడాది కత్తిరి ఎండల్లో పుత్తూరు నుంచి తిరుపతికి వచ్చిన ఒక ట్రాన్స్ అమ్మాయి నన్ను ఈ మాట అడిగింది. వయసు 22. బట్టల షాపులో పని చేస్తుంది. ఇంట్లో ఇంకా కొడుకుగానే బతుకుతోంది. ఆ ఇరవై వేలు రెండేళ్లు కూడబెట్టిన డబ్బు. మా ట్రాన్స్ మహిళల్లో ఎవరిని అడిగినా ఆమెకు ఒకటే జవాబు వచ్చింది. ముందు హార్మోన్లు వేసుకో, గడ్డం సంగతి తర్వాత చూసుకుందువులే అని. నాకూ ఒకప్పుడు ఇదే చెప్పారు. నేనూ అదే చేశాను. ఆ వరస తప్పని తెలుసుకునేసరికి నాలుగేళ్లు పోయాయి.

ట్రాన్స్ మహిళల్లో చాలామంది మాత్రలు మొదలుపెట్టేటప్పుడు మనసులో ఒక ఆశ పెట్టుకుంటారు. ఒళ్లు మెత్తబడుతుంది, ఛాతీ పెరుగుతుంది, దాంతోపాటు గడ్డం కూడా రాలిపోతుంది అని. మొదటి రెండూ నెలల మీద నెమ్మదిగా జరుగుతాయి. చేతుల మీద, ఛాతీ మీద వెంట్రుకలు కూడా పలచబడతాయి. గడ్డం మాత్రం పోదు. యుక్తవయసులో టెస్టోస్టెరాన్ వల్ల నూనూగు వెంట్రుక ఒకసారి మొద్దు వెంట్రుకగా మారిందంటే, అది మొలిచే కుదురు మళ్లీ వెనక్కి మారదు. పాతుకుపోయిన చింతచెట్టుకు నీళ్లు ఆపినంత మాత్రాన అది ఎండిపోతుందా? కొత్త చిగురు తగ్గుతుంది, అంతే. ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్‌ను అణచే మందులు గడ్డానికి చేసేది కూడా అంతే. వెంట్రుక కాస్త నిదానంగా వస్తుంది, కొంచెం సన్నబడుతుంది, ఇంకా మారని కుదుళ్లు మారకుండా ఆగుతాయి.

చివరి మాట చిన్నది కాదు. చాలామందికి గడ్డం ముప్పై ఏళ్లు వచ్చేదాకా నిండుతూనే ఉంటుంది. కాబట్టి ఇరవైల్లో ఉన్నవాళ్లు హార్మోన్లు మొదలుపెడితే రేపు రావాల్సిన గడ్డం ఆగుతుంది. ఇప్పటికే వచ్చిన దాన్ని మాత్రం విడిగా తీయించుకోవాల్సిందే. ఇవి రెండు వేర్వేరు పనులు. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే జరగదు.

ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం డబ్బుతో ఆగదు. ఆరు నెలలైనా గడ్డం పోలేదే అన్న టెన్షన్‌లో మాత్రలు రెట్టింపు చేసుకున్నవాళ్లను నేను చూశాను. మెడికల్ షాపులో చీటీ లేకుండా గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని రోజుకు రెండు, మూడు మింగినవాళ్లూ ఉన్నారు. ఆ మాత్రల్లోని ఈస్ట్రోజెన్‌కు రక్తం గడ్డకట్టించే గుణం ఉంది. సిగరెట్ అలవాటు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. టెస్టోస్టెరాన్‌ను అణచడానికి మనదేశంలో వాడే స్పిరోనోలాక్టోన్ రక్తంలో పొటాషియం పెంచగలదు. అదే పనికి సైప్రోటెరోన్ వాడేవాళ్లు లివర్ పరీక్ష మరచిపోకూడదు. ఇంత ముప్పు నెత్తిన పెట్టుకుని డోసు పెంచినా, గడ్డానికి ఒరిగేది ఏమీ లేదు. అద్దంలో కనిపించే ఆ నల్లటి నీడే ఒళ్లు పాడుచేసుకునేదాకా తీసుకెళుతోంది. అందుకే గడ్డాన్ని అలంకారం ఖాతాలో రాసి పక్కన పెట్టేవాళ్లతో నేను ఒప్పుకోను. దాన్ని వేళకు పట్టించుకుంటే హార్మోన్ వైద్యం కూడా నిదానంగా, సరైన డోసులో సాగుతుంది.

ఇక లేజర్ సంగతి. లేజర్ వెలుగు వెంట్రుకలోని నల్లరంగును పట్టుకుని వేడిగా మారి కుదురును కాలుస్తుంది. వెంట్రుక ఎంత నల్లగా, ఎంత మందంగా ఉంటే అంత బాగా పట్టుకుంటుంది. అంటే హార్మోన్లు ఇంకా సన్నబరచని గట్టి గడ్డమే లేజర్‌కు మంచి గురి. తెల్లబడిన వెంట్రుకను లేజర్ పట్టించుకోదు. ముప్పై అయిదు, నలభై దాటినవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. వాయిదా వేసిన ప్రతి ఏడాదీ కొన్ని నల్ల వెంట్రుకలు తెల్లబడి లేజర్ చేతికి అందకుండా పోతాయి. హార్మోన్లు మొదలుపెట్టాకే లేజర్ చేయించుకోవాలన్న నియమం వైద్యంలో ఎక్కడా లేదు. ముందే మొదలుపెట్టవచ్చు, రెండూ కలిపి నడపవచ్చు. ముందే మొదలుపెట్టిన కుర్రవయసువాళ్లకు కొత్తగా మొలిచే వాటి కోసం తర్వాత మళ్లీ కొన్ని సిట్టింగులు పడతాయి. దాన్ని నష్టంగా నేను లెక్కపెట్టను, ఈలోపు నీడ తగ్గిన ముఖంతో తిరిగారు కాబట్టి.

అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరిగే దశలో ఉండవు. అందుకే ముఖానికి నాలుగైదు వారాల ఎడంతో ఒక్కో సిట్టింగ్ పడుతుంది. గడ్డానికి ఎనిమిది, పది, కొందరికి అంతకంటే ఎక్కువే కావాలి. ఆరు సిట్టింగుల్లో జీవితాంతం క్లియర్ అని బోర్డు పెట్టే క్లినిక్ మాట నమ్మకండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లేజర్‌కు శాశ్వతంగా తగ్గించడం అన్న మాటే వాడుతుంది. శాశ్వతంగా తొలగించడం అన్న మాటను, సూదితో కరెంటు పంపి కుదురును కాల్చే ఎలెక్ట్రాలిసిస్‌కే ఇస్తుంది.

మన చర్మం రంగుకు మెషీన్ కూడా ముఖ్యమే. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ పై చర్మంలోని రంగును ఎక్కువగా తాకకుండా లోపలికి పోతుంది. చామనఛాయకు, నలుపుకు అది మేలు. చూసి చేసే డాక్టరు ఉంటే డయోడ్ కూడా వాడవచ్చు. లేజర్ పేరు చెప్పి, లేజర్ కాని వెలుగు మెషీన్ ఐపీఎల్ కొట్టే చోట్ల మాత్రం కాలిన మచ్చల భయం ఎక్కువ. ఆ మచ్చ నా మెడ మీద ఇప్పటికీ ఉంది. ఒక క్లినిక్‌లో ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీ అని ముందే మొత్తం కట్టించుకున్నారు. ఏ మెషీన్ అని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. రెండో సిట్టింగ్‌లో కాలింది. మిగిలిన డబ్బు వెనక్కి రాలేదు. అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. ఏ సిట్టింగ్‌కు ఆ సిట్టింగ్ డబ్బే కట్టండి. చెవి కింద చిన్న చోట పరీక్ష చేయించుకుని వారం చూడండి. చర్మం డాక్టరు ఎదురుగా ఉన్నారా లేదా కనుక్కోండి. గడ్డం లేని బుగ్గ మీది నూనూగు జోలికి పోనివ్వకండి. దాన్ని కెలికితే కొందరికి తగ్గకపోగా ముదురు వెంట్రుకగా మారుతుంది.

జమాతుల్లో, అంటే గురువు కింద కలిసి బతికే హిజ్రా కుటుంబాల్లో, పెరిగినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి పాత పద్ధతి చిమ్టా. గంటలకొద్దీ కూర్చుని ఒక్కొక్క వెంట్రుకా పీకడం. గడ్డం గీసుకోవడం తక్కువతనమని, గీస్తే మందంగా వస్తుందని పెద్దవాళ్లు చెబుతారు. గీసినంత మాత్రాన వెంట్రుక మందం కాదు, కోసిన కొన మొద్దుగా తగులుతుంది, అంతే. వేరుతో పీకేసిన చోట మాత్రం లేజర్‌కు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. కాబట్టి లేజర్‌కు ఓ నెలా నెలన్నర ముందే చిమ్టా, త్రెడింగ్, వ్యాక్సింగ్ ఆపేసి రేజర్‌కు మారాలి. పెద్దమ్మలకు ఈ మాట నెమ్మదిగా, గౌరవంగా చెప్పి ఒప్పించుకోవాలి. వాళ్లు ఆ చిమ్టాతోనే ముప్పై ఏళ్లు పరువుగా బతికారు.

తెల్ల వెంట్రుకలకు, లేజర్ తర్వాత మిగిలిన వాటికి ఎలెక్ట్రాలిసిసే దారి. సన్నటి సూదిని ఒక్కో కుదుట్లోకి పంపి కరెంటుతో కాలుస్తారు. గడ్డం మొత్తం దీంతోనే తీయాలంటే వంద గంటలు కూడా దాటవచ్చు. నొప్పి కూడా ఎక్కువే. ఇందులో డబ్బు లెక్కకు అందని కష్టం ఒకటుంది. సూది పట్టాలంటే వెంట్రుక రెండు మూడు రోజులు పెరిగి పైకి కనబడాలి. చీర కట్టుకుని ఉద్యోగానికి వెళ్లే మనిషి మూడు రోజుల గడ్డంతో బస్సు ఎక్కడం ఎలా ఉంటుందో ఆలోచించండి. లేజర్‌కైతే ముందురోజు నున్నగా గీసుకునే వెళ్లాలి. అందుకే పెద్ద భాగం లేజర్‌తో ముగించి, సూదికి కొంచెమే మిగుల్చుకోవడం మేలు.

కాలం లెక్క మన ఊళ్లో ఎండను బట్టి వేసుకోవాలి. ఎండకు కమిలిన చర్మం మీద లేజర్ కొడితే మచ్చలు పడతాయి. తిరుపతిలో ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే. షాపుల ముందు, రేణిగుంట స్టేషన్లో పగలంతా నిలబడేవాళ్లకు గొడుగు, సన్‌స్క్రీన్ ఉన్నా కష్టమే. దీపావళి దాటాక మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు నాలుగైదు సిట్టింగులు అవుతాయి. కత్తిరిలో ఆగి, వానలు పడ్డాక మళ్లీ కొనసాగించవచ్చు. ఇంట్లో ఇంకా చెప్పనివాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు కూడా ఉంది. హార్మోన్లతో ఛాతీలో వచ్చే మార్పు దాచడం కష్టం. గడ్డం పలచబడితే ఇంట్లో ఎవరూ పెద్దగా ప్రశ్నించరు. ఇంకా మనసు తేల్చుకుంటున్నవాళ్లకు ఇది భయం తక్కువున్న మొదటి అడుగు.

మే నెల అనగానే గంగమ్మ జాతర గుర్తొస్తుంది. ఆ వారంలో మీసం తీసి చీర కట్టిన మగవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి తాతయ్యగుంట గుడికి వస్తారు. వాళ్లను చూసి ఊరు చేతులు జోడిస్తుంది. ఆ భక్తి అంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు ఆ వారం కోసమే నేను ఏడాదంతా కాచుకునేదాన్ని. జాతర అయిపోయిన మర్నాడు కూడా చీరలోనే ఉండాల్సిన మాకు ఆ గౌరవం దొరకాలంటే ముందు గవద మీది నీడ పోవాలి. అద్దె ఇల్లు దొరకడం, బస్సులో పక్క సీటు ఖాళీగా మిగలకపోవడం, ఉద్యోగం నిలవడం చాలావరకు ముఖం మీదే ఆధారపడి ఉన్నాయి. అలా ఉండకూడదు. గడ్డం ఉన్నా ఆమె ఆమే. గడ్డం తీయించుకోవడం అక్కర్లేదనుకునే ట్రాన్స్ మహిళలూ ఉన్నారు, అది వాళ్ల ఇష్టం. సమాజం మారేదాకా ఆగలేనివాళ్ల గురించి నేను రాస్తున్నాను. ఎండలో ఫౌండేషన్ కరిగి, గడ్డం నీడను కప్పడానికి కింద పూసిన నారింజ రంగు బయటపడుతుందేమోనని గంటకోసారి అద్దం చూసుకునేవాళ్ల గురించి.

డబ్బు దగ్గరికి వద్దాం. ముఖం మొత్తానికి ఒక సిట్టింగ్ ఊరిని బట్టి, మెషీన్‌ను బట్టి రెండు మూడు వేల నుంచి ఐదారు వేల దాకా అడుగుతున్నారు. 3,000 అనుకుంటే ఎనిమిది సిట్టింగులకు 24,000. ఎన్టీఆర్ భరోసా కింద ట్రాన్స్‌జెండర్లకు వచ్చే పింఛను నెలకు రూ.4,000. అంటే ఆరు నెలల పింఛను తిండికి, అద్దెకు వాడకుండా మొత్తం దీనికే పెట్టాలి. అది జరిగే పని కాదు. అయితే ఈ రెండు ఖర్చుల తీరు వేరు. హార్మోన్ల ఖర్చు కొద్దికొద్దిగా నెలనెలా ఉంటుంది, ఏళ్ల తరబడి సాగుతుంది. లేజర్ ఖర్చు మొదటి ఒకటి రెండేళ్లు బరువుగా ఉండి తర్వాత దాదాపు ఆగిపోతుంది. పైగా తొలి మూడు నాలుగు సిట్టింగులకే నీడ బాగా తగ్గుతుంది. తర్వాతి వాటికి అదే డబ్బు పోస్తే ఫలితం కొంచెం కొంచెంగానే కనబడుతుంది. కాబట్టి పై పెదవి, గవద వరకే ముందు చేయించుకుని, ఆ తొలి సిట్టింగులు వేళ తప్పకుండా పూర్తిచేస్తే పెట్టిన రూపాయికి ఎక్కువ ఊరట. చివరి సిట్టింగులు డబ్బు కుదిరినప్పుడు.

ఇదంతా మనిషి తన జేబులోంచి పెట్టుకోవాల్సిన ఖర్చేనా? 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలో సెక్షన్ 15 చదవండి. లింగమార్పిడి శస్త్రచికిత్స, హార్మోన్ థెరపీలతో పాటు లేజర్ థెరపీ పేరు కూడా అక్కడ రాశారు. వీటి ఖర్చును సమగ్ర బీమాతో భరించాలన్నారు. లేజర్‌ను చట్టమే వైద్యంగా లెక్కపెట్టింది. 2022 ఆగస్టు 24న కేంద్ర సామాజిక న్యాయ శాఖ, జాతీయ ఆరోగ్య సంస్థ ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి 5 లక్షల బీమా కోసం ఒప్పందం చేసుకున్నాయి. ట్రాన్స్‌జెండర్ల జాతీయ పోర్టల్ ద్వారా వచ్చే గుర్తింపు సర్టిఫికెట్ దానికి ఆధారం. శస్త్రచికిత్స గురించి అందరూ మాట్లాడతారు. మనలో అందరూ ఆపరేషన్‌కు వెళ్లరు. గడ్డం మాత్రం ప్రతి ఉదయం ఎదురవుతుంది.

తిరుపతిలో దీనికి కొత్త ఆసుపత్రి కట్టనవసరం లేదు. స్విమ్స్‌లో హార్మోన్ల వైద్యం చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. రుయాలో చర్మవ్యాధుల విభాగం ఉంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచి పోవచ్చు. నెలకు ఒక పూట ఆ ఇద్దరు డాక్టర్లు ఒకే చోట కూర్చోవడం, ఒక ఎన్‌డీ యాగ్ మెషీన్, దాన్ని నడపడం నేర్చిన ఒక టెక్నీషియన్, ఓపీ చీటీ మీద పిలవాల్సిన పేరు రాసే ఒక గడి ఉంటే చాలు. ఇంతమాత్రం ఇక్కడ ఉంటే, చిత్తూరు, పలమనేరు నుంచి వచ్చేవాళ్లు లేజర్ కోసం చెన్నైకో బెంగళూరుకో బస్సు ఛార్జీలు పెట్టుకుని పోనక్కర్లేదు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు మేము ఈ అర్జీతోనే వెళుతున్నాం. పింఛను, ఇంటి స్థలం అర్జీల పక్కన ఇదీ ఉండాలి.

పుత్తూరు అమ్మాయి ఇరవై వేలను మూడు వాటాలు చేసింది. మొదటి వాటాతో ఎండోక్రైనాలజిస్టును కలిసి లివర్, కిడ్నీ, హార్మోన్ పరీక్షలు చేయించుకుంది. రెండో వాటా కొన్ని నెలల మందులకు. మూడోది పై పెదవికి, గవదకు. మందులు ఆగస్టులో, లేజర్ నవంబరులో మొదలయ్యాయి. ఇప్పటికి నాలుగు సిట్టింగులు అయ్యాయి. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, ఈరోజు షాపుకు పౌడరు మాత్రమే పూసుకుని పోయినాను" అంది.