ఎర్ర డబ్బా గుంటూరు వైపే ఉండాలి

బెజవాడ జనానికి నీళ్ళంటే భయం లేదు, నీళ్ళలో కూడా దారి అనేది ఒకటి ఉంటుందన్న అనుమానం అసలే లేదు. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఎగువకి చూస్తే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నీళ్ళు సమంగా పరుచుకుని కనిపిస్తాయి కాబట్టి ఎక్కణ్ణించి ఎక్కడికైనా తిన్నగా వెళ్ళిపోవచ్చని గట్టి నమ్మకం. పైగా పేపర్లో "బ్యారేజీ వద్ద నీటిమట్టం 12 అడుగులు" అని వేస్తారు కదా, ఇంకేం, భవానీ ద్వీపం దాకా, ఆ పైన పవిత్ర సంగమం దాకా అంతా 12 అడుగుల లోతే అని లెక్క తేల్చేస్తారు. అది బ్యారేజీ గేట్ల దగ్గర కొలిచే మట్టమనీ, ఎగువన ఒకచోట మడుగుంటే పక్కనే మోకాలి లోతున ఇసుక మేట ఉంటుందనీ చెప్పబోతే "కృష్ణ గురించి మాకు చెప్తావా" అంటారు. నిజమే, పుష్కరాలకి మునిగాం కదా.

ఇలాంటి ఊళ్ళో బోటు షికారు పెరుగుతోంది గనక, జలమార్గాల గుర్తుల గురించి ప్రజల్ని చైతన్యపరిచే బాధ్యతని ఈ వ్యాసకర్త తన భుజాన వేసుకున్నాడు. ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చేసేవాడు కాదు.

విషయం చిన్నదేం కాదు. 2017 నవంబరు 12న ఇదే నీళ్ళలో, ఇబ్రహీంపట్నం ఫెర్రీ ఘాట్ దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. దాని మీద జోకులు వెయ్యను. మిగతావాటి మీద వేస్తాను.

ముందు పెద్ద సంగతి. మనం పాప్‌కార్న్ తింటూ తిరిగే ఈ నీళ్ళు జాతీయ జలమార్గంలో భాగం. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువలు, వాటితోపాటు గోదావరి, కృష్ణ కలిపి నాలుగో నంబరు జలమార్గమని 2008లో ప్రకటించారు. ముక్త్యాల నుంచి విజయవాడ దాకా పనులకి 2017లో శంకుస్థాపన కూడా అయింది. శంకుస్థాపనల విషయంలో మనకి ఏ లోటూ లేదు.

జలమార్గం అన్నాక గుర్తులుండాలి. సముద్రం వైపు నుంచి ఎగువకి వెళ్తుంటే ఎర్ర డబ్బాలు ఎడమ చేతి వైపు, ఆకుపచ్చవి కుడి చేతి వైపు తేలుతుంటాయి, మధ్యలో పడవ నడవాలి. ఎర్రది డబ్బా ఆకారం, ఆకుపచ్చది శంకువు ఆకారం, రంగు వెలిసినా పోల్చుకోవచ్చు. ఒకప్పుడు ప్రపంచంలో ఇలాంటి పద్ధతులు ముప్పైకి పైగా ఉండేవి, 1980లో టోక్యోలో కూర్చుని వాటిని రెండుకి తగ్గించారు. రెండిటినీ ఒకటి చెయ్యడం మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. మనం, యూరప్ వాళ్ళు ఎర్రది ఎడమన పెట్టుకుంటాం, అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ కుడిన పెట్టుకుంటాయి.

సరిగ్గా ఇక్కడే మన కొంప మునుగుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అమెరికా అల్లుడు లేని వీధి ఉంటే చూపించండి. ఆ అల్లుడు డాలస్ పక్కన లేక్ లూయిస్‌విల్‌లో వీకెండ్ బోటు నడిపి నడిపి చెయ్యి తిరిగినవాడు, సంక్రాంతికొచ్చి పున్నమి ఘాట్‌లో బోటెక్కగానే సరంగుకి పాఠం మొదలెడతాడు, "రెడ్, రైట్, రిటర్నింగ్, అంతే బ్రదర్, సింపుల్." అంటే తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఎర్రది కుడిన ఉండాలని. అక్కడ అది సింపులే. ఇక్కడ అదే సూత్రం పట్టుకుని ఎగువకి పోతే మేట ఎక్కి కూర్చోవాలి. సరంగు కాదనడు, తల ఊపుతూ తన దారిన తను పోనిస్తుంటాడు. "మావాడికి అక్కడ సొంత బోటుందయ్యా" అని మామగారు పక్కనుంచి అందిస్తారు.

అల్లుడి సంగతి వదిలేసినా తిరుగు ప్రయాణం తంటా ఒకటుంది. వెళ్ళేటప్పుడు ఎడమ పక్కనున్న ఎర్ర డబ్బా వచ్చేటప్పుడు కుడి పక్కన కనబడేసరికి, దాన్ని మధ్యాహ్నం ఎవరో జరిపేశారని బోటు మొత్తం ఏకాభిప్రాయానికి వస్తుంది. ఇసుక వాళ్ళ పనే అయ్యుంటుందని కూడా.

అందుకే ఈ వ్యాసకర్త ప్రతిపాదన. కుడి ఎడమల గొడవే వద్దు. బ్యారేజీ దగ్గర ఎగువకి తిరిగి నిలబడితే ఎడమన ఉండేది సీతానగరం, ఉండవల్లి, అంటే గుంటూరు జిల్లా. గుంటూరంటే మిర్చి యార్డు, మిర్చి అంటే ఎరుపు, కాబట్టి ఎర్ర డబ్బా ఎప్పుడూ గుంటూరు వైపే. పడవ ఎటు తిరిగినా గుంటూరు తిరగదు కదా. ఆకుపచ్చది బెజవాడ వైపు, సిమెంటు రంగు తప్ప వేరే రంగెరగని ఊరికి నీళ్ళలోనైనా కాస్త పచ్చదనం దక్కనివ్వండి.

గుంటూరు వాళ్ళు దీన్ని తమకి దక్కిన గౌరవంగా తీసుకుంటారు. బెజవాడ వాళ్ళు ఊరుకోరు. అమ్మవారి కొండ మాది, కుంకుమ మాది, ఎరుపు వాళ్ళకెలా ఇస్తారని ఘాట్‌లో ధర్నా కూర్చుంటారు. కమిటీ వేస్తారు. రెండు వైపులా ఎర్రవే పెట్టాలని రాజీ కుదురుతుంది.

ఇక పసుపు డబ్బాలు. ఈతకి కేటాయించిన చోటో, కింద పైపులైను ఉన్న చోటో, ఇలా ఏదో ప్రత్యేక సంగతి ఉందని చెప్పడానికి ప్రపంచమంతా పసుపే వాడతారు. పంచాయతీ ఆఫీసుల రంగుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన రాష్ట్రంలో, నది మధ్యలో పసుపు డబ్బా తేలుతుంటే చూస్తూ కూర్చుంటారా? ఒకరు కొబ్బరికాయ కొట్టి ప్రారంభిస్తారు, తర్వాత వచ్చినవాళ్ళు రంగు మార్పిస్తారు, ఆ తర్వాత అది దేనికి గుర్తో చేపలక్కూడా అంతుపట్టదు.

దిక్కుల గుర్తుల దగ్గర మాత్రం మనకి తిరుగులేదు. ఇవి నలుపు, పసుపు కలిసిన స్తంభాలు, పైన రెండు నల్ల శంకువులుంటాయి. రెండు మొనలూ పైకి చూస్తే ఉత్తరం, కిందికి చూస్తే దక్షిణం, మొనలు చెరోవైపుకి ఉంటే తూర్పు, మొనలు రెండూ ఎదురెదురుగా ఉంటే పడమర. ఉత్తరం గుర్తు కనబడితే దానికి ఉత్తరంగా పొమ్మని అర్థం. బయటి దేశాల్లో దీన్ని బట్టీ పట్టి పరీక్ష రాస్తారు. మనకెందుకండీ పరీక్ష, ఈశాన్యంలో బాత్రూమ్ వచ్చిందని బంగారంలాంటి ఇల్లు పడగొట్టుకునేవాళ్ళం, బోటుకొక వాస్తు పండితుణ్ణి ఎక్కిస్తే సరిపోతుంది. నైరుతిలో బరువుండాలి కాబట్టి మేట అక్కడుంటే శుభం. ఆగ్నేయంలో పడిందంటే నదికి దోషం, నివారణకి భవానీ ద్వీపాన్ని కొంచెం పక్కకి జరపాలి.

నలుపు మీద ఎర్ర పట్టీ, పైన రెండు నల్ల బంతులు ఉంటే సరిగ్గా అక్కడే ప్రమాదముంది, చుట్టుపక్కల పర్లేదని అర్థం. మ్యాన్‌హోల్ మూత పోయినప్పుడు అందులో వేపకొమ్మ గుచ్చుతామే, అదే ఇది.

ఇవన్నీ పుస్తకంలో సంగతులు. నీళ్ళ మీదికెళ్తే కనిపించేది ఖాళీ వాటర్ బాటిల్, మూత బిగించి, మెడకి నైలాన్ తాడు కట్టి. దాని వరసలోనే విరిగిన థర్మాకోల్ ముక్క, అలా మరికొన్ని బాటిళ్ళు. టూరిస్టు వాటిని చూసి "ఛీ, మనవాళ్ళకి సివిక్ సెన్స్ లేదు" అంటూ తన చేతిలోని చిప్స్ కవరు నీళ్ళలో పడేస్తాడు. అది చెత్త కాదు మహాప్రభో, కింద వల ఉంది. దాని మీంచి పోతే దారం ప్రొపెల్లర్‌కి చుట్టుకుని ఇంజిన్ ఆగిపోతుంది, సరంగు నడుం దాకా వంగి కత్తితో కోసుకుంటూ కూర్చుంటాడు, వల యజమాని ఒడ్డున లెక్క చెప్పడానికి సిద్ధంగా ఉంటాడు. అలాగని అన్ని బాటిళ్ళూ గుర్తులు కావు, కొన్ని నిఖార్సయిన చెత్తే. గాలికి కొట్టుకుపోయేది చెత్త, ఎంత గాలేసినా ఉన్నచోటే ఊగేది గుర్తు. ఇంత సూక్ష్మమైన ఏర్పాటు టోక్యోలో కూర్చున్నవాళ్ళకి తట్టలేదు.

వరదొస్తే ఏ గుర్తుకీ దిక్కుండదు. బ్యారేజీకి 3.97 లక్షల క్యూసెక్కులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటింది. ఎగువ నుంచి ఇనుప పడవలు కొట్టుకొచ్చి గేట్లని గుద్దితే కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లకి సమతూకంగా ఉండే బరువులు, దెబ్బతిన్నాయి, క్రేన్లు తెచ్చి, డైవర్లని దింపి, ఆ పడవల్ని తియ్యడానికి రోజుల తరబడి కుస్తీ పట్టారు. అవి ఏ పార్టీ పడవలని టీవీల్లో గొంతులు చించుకున్నవాళ్ళలో, వాటిని కట్టిన తాడు ఎంత లావుదని అడిగినవాళ్ళు తక్కువ.

రాత్రి పూట సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. గుర్తుల మీద చిన్న ఎర్ర దీపం, చిన్న ఆకుపచ్చ దీపం మిణుకుమంటుండాలి. వెనక బ్యారేజీ నిండా రంగురంగుల లైటింగు. వెతుక్కోండి.

సీతానగరం వైపు వల వేసే ఒక బాబాయ్‌ని అడిగాను, ఈ డబ్బాలూ శంకువులూ లేకుండా లోతు పాయ ఎట్లా పట్టుకుంటావని. వల సర్దుకుంటూనే గడ్డంతో చూపించాడు, "అదిగో, మెట్ల పక్కన కరెంటు స్తంభం కనబడతందా, దాని వెనకాల పెద్ద ఫ్లెక్సీ. ఆ రెండూ ఒకదాని మీదికొకటి వచ్చినాక అదే వాటాన పోనివ్వటమే. స్తంభం పక్కకి జరిగిందంటే మేట మీదికి పోతన్నట్టు." ఓడరేవుల్లో ఇదే పనికి ప్రత్యేకంగా రెండు గుర్తులు కడతారు, ముందుది పొట్టిగా, వెనకది ఎత్తుగా, పైన దీపాలు, వాటికి నిర్వహణ, బడ్జెట్. ఇక్కడ ఆ ఖర్చంతా ఓ నాయకుడి అభిమానులు పెట్టుకున్నారు.

"మరి ఆ ఫ్లెక్సీ పీకేస్తే ఏం చేస్తావ్ బాబాయ్?"

"పీకితే ఏముందండీ, వారం తిరక్కుండా ఇంకొకాయన పుట్టినరోజు రాదా. ఫ్రేము అక్కడే ఉంటది."