పాటలో ఈల, ఆటలో గోల

కబడ్డీ మ్యాచ్‌లో పాటకి చోటెంత అని లెక్క కడితే తేలేది తొమ్మిది నిమిషాలు. ఆట 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. సగానికి జట్టుకి రెండేసి టైమౌట్లు, ఒక్కోటీ 30 సెకన్లు. ఇద్దరూ అన్నీ వాడుకుంటే 4 నిమిషాలు. అంతే. ఒక రైడ్, అంటే ‘కబడ్డీ కబడ్డీ’ అని కూత పెడుతూ అవతలి వైపు పోయి రావడం, అయ్యాక అవతలి జట్టు 5 సెకన్లలో మనిషిని పంపాలి గనక, ఆ సందులో పల్లవి కాదుగదా, పాటగాడి దగ్గు కూడా పట్టదు. కానీ కనుమ రోజు కావలికీ సింగరాయకొండకీ మధ్య ఏ ఊళ్లో టోర్నమెంటు పెట్టినా మైక్‌సెట్టు మాట్లాడేది రోజు బాడుగకి. డబ్బులు పోసి తొమ్మిది నిమిషాలే మోగించడానికి ఏ కమిటీకి మనసొప్పుతుంది?

చెడుగుడికి వెనకటికి డప్పుండేది. డప్పు కొట్టేవాడికి కళ్లుంటాయి. కూత మొదలైతే చెయ్యి ఆపుతాడు, పట్టు పడితే దరువు మారుస్తాడు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక టీవీలో చూసి, అట్టాంటి మోతే కావాలని పిలకాయలు పట్టుబట్టారు. డప్పు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది. దానికి కళ్లు లేవు.

అసలు బాక్సుల మూతి జనం వైపు ఉండాలి, కోర్టు వైపు కాదు. రిఫరీ చేతిలో కార్డ్‌లెస్ మైకు ఉంటే గొట్టం దానికి ఎదురుగా అసలే ఉండకూడదు. మైకులో పడ్డ మోత గొట్టంలోంచి వచ్చి, మళ్లీ మైకులోకే దూరి, ‘కూ’ అని ఊరంతా లేస్తుంది. అట్టాంటి ఒక ఊళ్లో మాత్రం రెండు గొట్టాలు వేపచెట్టుకి కట్టి తిన్నగా కోర్టు మీదికే తిప్పారు. మూడోది వంద మీటర్ల అవతల గుడి దగ్గర. శబ్దం సెకనుకి పోయేది 340 మీటర్లే. కాబట్టి మైకు పట్టుకుని రిఫరీ ఒక్క ఈల వేస్తే, మొదటిది చెట్టు మీంచి, రెండోది దాదాపు మూడోవంతు సెకను ఆలస్యంగా గుడి దగ్గర్నించి. పొద్దున్నుంచీ రైడర్లు ప్రతి ఈలా రెండుసార్లు వింటున్నారు.

ఫైనల్ ఆఖరి నిమిషాలు. మైక్‌సెట్టాయన టీకి పోతూ మిక్సర్ దగ్గర ఓ పిలకాయని కూర్చోబెట్టాడు. వాడికి తెలిసింది ఒకటే మీట, అదీ పైకి తొయ్యడమే. రెండు ఖాళీ రైడ్లు అయిపోయాయి, మూడోది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే రైడర్ అవుట్. అతను గీత దాటాడు. కూత ఎవరికీ వినపడదు. అంపైర్లిద్దరూ మూతి కదలిక చూసి కూత ఉన్నట్టే రాసుకుంటున్నారు. ఆ లెక్కన తాంబూలం నమిలేవాడు కూడా రైడరే.

మధ్యగీతకి నాలుగుముప్పావు మీటర్ల లోపల, పాయింటు తెచ్చిపెట్టే బోనస్ గీత. అక్కడిదాకా పోయి కాలు చాపాడో లేదో, ‘పీ... పీ... పీ’ అని ఈల. రైడర్ కూత ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని రిఫరీ వైపు తిరిగాడు. మూల కాసే కుర్రాడు తీరిగ్గా వంగి చీలమండ పట్టుకున్నాడు. మిగతావాళ్లు మీద పడ్డారు.

“సార్, మీరు ఈలేశారు గదా సార్!”

“నేనెయ్యలేదబ్బాయ్.”

“మరెవురేశారు?”

“పాటలోది గదయ్యా అది,” అన్నాడు చీలమండ ఇంకా వదలని కుర్రాడు. “రెండో చరణం ముందు వస్తాది. పొద్దన్నించీ పదకొండుసార్లు ఇన్నాం.”

కూత తెగింది గనక పాయింటు మాదేనని వాళ్లు. తెంపింది మైక్‌సెట్టు గనక చెల్లదని వీళ్లు. ఆటలో ఆటగాడు తప్పు చేస్తే ఏం చెయ్యాలో రూల్సు పుస్తకంలో ఉంది. పాట తప్పు చేస్తే ఏం చెయ్యాలో లేదు. ముప్పావు గంట వాదులాట. ఈలోగా కమిటీ పెద్ద పాట మళ్లీ వేయించి, గడియారం పెట్టుకుని, ఈల ఎక్కడ వస్తుందో విన్నాడు. పన్నెండోసారి. చివరికి రైడ్ మళ్లీ ఆడించాలనీ, సెట్టు పూర్తిగా కట్టెయ్యాలనీ తీర్పు. ఏకంగా జనరేటరే కట్టెయ్యబోతే, దీపాలు కూడా దాని మీదే ఉన్నాయని ఎవరో గుర్తుచేశారు. సెట్టు తీగ ఒక్కటే పీకారు.

ఊరంతా గమ్మున ఉంది. పొద్దున్నుంచీ మొదటిసారి కూత వినపడుతోంది. రైడర్ గీత దాటి, బోనస్ దాకా పోయి, కాలు చాపాడు.

ప్రహరీగోడ మీద కూర్చున్న పిలకాయ ఒకడు ఆ ఉత్కంఠ తట్టుకోలేక, నోట్లో రెండు వేళ్లు పెట్టుకుని గట్టిగా ఈలేశాడు.