పావలా రాగులు

మా బావమరిది ఆరోగ్యవంతుడైపోయాడు. కిందటేడు ఉగాది నుంచీ సాయంత్రం టీ పక్కన మిరపకాయ బజ్జీ ముట్టడం లేదు. అంతవరకు సంతోషమే. కానీ పల్లీలు వద్దంటాడు, ఫ్యాటట. తాలింపు పెట్టిన శనగ గుగ్గిళ్ళు వద్దంటాడు, గ్యాసట. బొరుగులు కూడా వద్దు, వాటి మీద ఏమీ రాసి ఉండదు కనక. వాడు తినేది రాసి ఉన్నవే. బ్యాగులోంచి ఒక ఆకుపచ్చ ప్యాకెట్ తీస్తాడు. దాని మీద రాగి కంకి, కంకి పక్కన గుండె బొమ్మ, గుండె పక్కన పరిగెత్తే మనిషి. లోపల బిస్కెట్లు. క్షమించాలి, బిస్కెట్లు అనకూడదట. మిల్లెట్ కుకీస్.

మొన్న ఆదివారం మా ఇంట్లో ఆ ప్యాకెట్‌కి పంచనామా జరిగింది. సాక్షులు నేను, మా ఆవిడ, మా అమ్మ, గిన్నెలో గుగ్గిళ్ళు.

బరువు 75 గ్రాములు. ధర 40 రూపాయలు. లోపల బిళ్ళలు పన్నెండు. వెనకవైపు, అతుకు మడత కింద, చీమలు గుడ్లు పెట్టినట్టు కొన్ని అక్షరాలు. నాన్న పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చాం. చాల్లేదు. ఫోన్‌తో ఫొటో తీసి సాగదీశాం. అప్పుడు దర్శనమిచ్చింది మైదా. 'రిఫైన్డ్ వీట్ ఫ్లోర్' అని ఇంగ్లీషు పేరు పెట్టుకుని, శుభలేఖలో ఇంటిపెద్దలా అందరికంటే ముందు నిలబడింది. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది రూలు కాబట్టి తప్పలేదు పాపం. తర్వాత పంచదార. తర్వాత పామాయిల్. ఆ తర్వాత ఇన్‌వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్. ఇవి కూడా పంచదార దాయాదులే, వేరు కాపురం పెట్టాయంతే. అందరూ ఒకే ఇంట్లో ఉంటే మైదాని వెనక్కి నెట్టి ముందు కూర్చోవాల్సి వస్తుందని భయం కాబోలు. ఇంకా కిందికి దిగితే, బంతి చివర, విస్తరి దొరకని చుట్టంలా, రాగిపిండి. 6 శాతం.

లెక్క మా ఆవిడ వేసింది. 75లో 6 శాతం అంటే నాలుగున్నర గ్రాములు. పన్నెండు బిళ్ళలకి పంచితే ఒక్కోదానికి అర గ్రాము కూడా రాదు. మా తాతయ్య ముక్కులోకి ఎక్కించే నశ్యం పట్టు అంతకంటే ఘనంగా ఉండేది. మా వీధి కిరాణాలో రాగులు కిలో 55 రూపాయలు. ఆ లెక్కన నాలుగున్నర గ్రాములంటే పావలా. 2011లోనే చెల్లదని ప్రభుత్వం వెనక్కి తీసుకున్న పావలా ఇక్కడ నిక్షేపంగా చెల్లుతోంది. మిగతా ముప్పై తొమ్మిది ముప్పావలా దేనికి? కంకి బొమ్మకి.

"అయినా రాగి ఉంది కదా బావా!" అన్నాడు మా వాడు.

ఉంది. మా అపార్ట్‌మెంట్ పేరులో 'లేక్ వ్యూ' ఉన్నట్టు. చెరువు ఎక్కడని అడక్కండి, దాని మీదే మేం కూర్చున్నాం.

పన్నుల వాళ్ళకి ఈ విషయంలో భ్రమల్లేవు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లోనే, అక్టోబరులో, జీఎస్టీ కౌన్సిల్ చిరుధాన్యాల పిండి మిశ్రమాల మీద పన్ను తగ్గించింది. అందులో కనీసం 70 శాతం చిరుధాన్యాలుండాలని షరతు కూడా పెట్టింది. పన్ను తగ్గాలంటే 70 కావాలన్నారు. బిస్కెట్ మీద కంకి బొమ్మ వేసుకోవడానికి 6 చాలు.

ఈ గింజని మేం చిన్నప్పుడు సిగ్గుపడుతూ తిన్నాం. మాకు రాగులు, తెలంగాణలో తైదలు, శ్రీకాకుళం వైపు చోళ్ళు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. చాలా ఇళ్ళల్లో ఆకలి తీర్చింది, కాదనను. కానీ తెల్లన్నం తిన్నవాడే పెద్దమనిషి అన్న లెక్క కూడా అప్పుడే గట్టిపడింది. హాస్టల్లో నా క్యారేజీలో సంగటి ముద్ద చూసి పడీపడీ నవ్విన మిత్రుడొకడు మొన్న మిల్లెట్ కేఫ్‌కి రిబ్బన్ కట్ చేశాడు. ఫొటో పంపాడు. నేను బొటనవేలి బొమ్మ పెట్టాను, ఏం చేస్తాం.

అమ్మ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ప్యాకెట్ ఇలా ఇమ్మంది. ముందువైపు 'రాగి' అని తెలుగులో అరంగుళం అక్షరాలున్నాయి, చదివింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ తిప్పింది. వెనక తెలుగు లేదు.

అమ్మకి షుగరు. సంక్రాంతికి మా బావమరిది ప్రేమగా డజను ప్యాకెట్లు తెచ్చిచ్చాడు. అప్పట్నుంచీ పొద్దున కాచుకునే జావ మానేసి, రోజుకి నాలుగు బిళ్ళలు టీలో ముంచుకు తింటోంది. రాగులే కదా అని.

చట్ట ప్రకారం ఆ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. మిగతా భాషలు కంపెనీవారి దయ. వారి దయ ముందువైపే ఆగిపోతుంది. హీరో చేత తెలుగులో చెప్పిస్తారు, పండక్కి తెలుగులో శుభాకాంక్షలు చెప్తారు, 'మైదా' అన్న రెండక్షరాలు తెలుగులో వేయడానికి మాత్రం సిరా చాలదు. మా అమ్మ చదువురాని మనిషి కాదు. పంచాంగంలో దుర్ముహూర్తం భూతద్దం లేకుండా చదువుతుంది. ఆమెని తన వంటింట్లోనే చదువురానిదాన్ని చేసింది మీ ప్యాకెట్. సిగ్గులేదా మీకు? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి ఆహార మార్గదర్శకాల్లో లేబుల్ చదివి మంచివి ఎంచుకోమని చెప్పింది. చదువుతుంది మహాప్రభో, ఏ భాషలో చదవమంటారు?

గుగ్గిళ్ళు చల్లారిపోయాయి. అమ్మ ప్యాకెట్ మూతి మడిచి, రబ్బరు బ్యాండు వేసి, మా బావమరిది బ్యాగులోనే పెట్టింది. "నువ్వే తిను నాయనా, రేపట్నుంచి నేను జావ కాచుకుంటాలే" అంది. మా వాడు తలదించుకున్నాడు. మనసు మారిందనే అనుకున్నాం.

ఇవాళ పొద్దున్నే ఫోన్ చేశాడు. కంపెనీ మార్చాడట. ఇందులో 7 శాతమట.