రౌటర్ అప్‌గ్రేడ్ అయింది సరే, కార్డుల సంగతేంది?

"షో వెర్షన్" కమాండుకు రౌటర్ చూపిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ స్క్రీన్‌షాట్ ఒకటి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. కొత్త వెర్షన్ నంబర్ చూసి పది మంది బొటనవేళ్లు పెడతారు, టికెట్ మూసేస్తారు. అదే రౌటర్‌లో కార్డుల ఫర్మ్‌వేర్ (చిప్పుల్లో కూర్చున్న ప్రోగ్రాం) ఏ వెర్షనో చూపే "షో హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ ఎఫ్‌పీడీ" కొట్టి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. కొడితే తెలుస్తుంది, రెండు మూడు లైన్ కార్డుల (రౌటర్‌లో గుచ్చే పోర్టుల కార్డుల) పక్కన "నీడ్ అప్‌గ్రేడ్" అని ఎప్పటి నుంచో రాసి ఉందని. అడిగితే ఒకటే జవాబు: "ట్రాఫిక్ పోతా ఉండాది కదప్పా, ఇంకేం కావల్ల?"

ట్రాఫిక్, అంటే కస్టమర్ల డేటా, పోతోంది, నిజమే. కార్డు రీలోడ్ కానంతవరకూ పోతూనే ఉంటుంది కూడా. మన రాయలసీమ జిల్లాల్లో కార్డు రీలోడ్ అయ్యేది మనం అనుకున్న రోజు కాదు, కరెంటు పోయి బ్యాటరీ చేతులెత్తేసిన రోజు. కొత్త సాఫ్ట్‌వేర్, పాత ఫర్మ్‌వేర్ కలిసి మొదటినుంచీ బూట్ కావాల్సి వచ్చేది అప్పుడే. కార్డు పైకి రాకపోతే స్పేర్ హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో బయలుదేరాలి. కర్నూలుకు హైదరాబాద్ నుంచి, అనంతపురానికి బెంగళూరు నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. కడపకైతే ఎటు చూసినా దూరమే.

ముందు ఆ కార్డు మీద ఏముంటుందో తెలియాలి. లైన్ కార్డు అంటే పోర్టులు గుచ్చిన పలక కాదు. దానికి సొంత సీపీయూ, దాన్ని లేపే రోమ్‌మాన్ లేదా బయోస్ అనే చిన్న ప్రోగ్రాం, ప్యాకెట్ల దారిలో ఒకటో రెండో ఎఫ్‌పీజీఏలు (పని మార్చి రాసుకోగల చిప్పులు), ఏ వోల్టేజీ ముందు రావాలి, ఏది తర్వాత రావాలి అని చూసే సీపీఎల్‌డీ అనే చిన్న చిప్పు ఉంటాయి. సీపీయూ తప్ప మిగతావన్నీ కలిపి, రౌటర్లు చేసే సిస్కో వాళ్ల మాటలో ఎఫ్‌పీడీ, ఫీల్డ్ ప్రోగ్రామబుల్ డివైస్. రౌటర్ ఆపరేటింగ్ సిస్టం రౌటర్‌కు మెదడైన రూట్ ప్రాసెసర్ డిస్కులో ఉంటే, వీటి ఇమేజ్ (ప్రోగ్రాం ఫైలు) కార్డు మీదున్న చిన్న ఫ్లాష్ చిప్పులో ఉంటుంది. ఎఫ్‌పీజీఏకు సొంత జ్ఞాపకం లేదు. పవర్ వచ్చినప్పుడల్లా ఫ్లాష్ నుంచి చదువుకుంటేనే దాని పని దానికి తెలుస్తుంది. కాబట్టి ఫ్లాష్‌లో కొత్త ఇమేజ్ రాసినా చిప్పులో నడిచేది పాతదే, కార్డు రీలోడ్ అయ్యేదాకా. స్టేటస్‌లో "రీలోడ్ రిక్వైర్డ్" అని వచ్చేది అందుకే. అది చూసి "అయిపాయ" అని ఇంటికి పోయేవాళ్లు ఇంకో రకం. సీపీఎల్‌డీ అయితే కొన్ని మోడళ్లలో మామూలు రీలోడ్ కూడా చాలదు, కార్డుకు పవర్ పూర్తిగా తీసి ఇవ్వాలి. రిలీజ్ నోట్స్‌లో ఒకే ఒక్క లైన్లో రాసి ఉంటుంది ఆ సంగతి.

ఇందులో తప్పు ఇంజినీర్ ఒక్కడిదే అంటే ఒప్పుకోను. అసలు తప్పు విండో లెక్క వేసే చోట ఉంది. పైనుంచి రెండు గంటల మెయింటెనెన్స్ విండో (సర్వీసు ఆపి పని చేసుకునే సమయం) ఇస్తారు. అందులో ఇమేజ్ యాక్టివేషన్, చాసిస్ (రౌటర్ పెట్టె మొత్తం) రీలోడ్ కలిపి అరగంట పైనే. తర్వాత ఒక్కో కార్డు ఫ్లాష్ కావడానికి పది నుంచి ఇరవై నిమిషాలు పెట్టుకోండి, కొన్ని పాత కార్డులకు ఇంకా ఎక్కువ. ఆపైన మళ్లీ కార్డు రీలోడ్, ఐదు నుంచి పది నిమిషాలు. ఫుల్ రూట్ టేబుల్, అంటే ఇంటర్నెట్ మొత్తం దారుల పట్టిక, తీసుకునే చోట దాదాపు పది లక్షల ఐపీవీ4 రూట్లు మళ్లీ దిగాలి. ఆ పెట్టె బీఎన్‌జీ పని, అంటే ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్ లాగిన్లు చూసే పని, కూడా చేస్తుంటే, కార్డు లేవగానే వేల పీపీపీఓఈ సెషన్లు (ఆ లాగిన్లు) ఒక్కసారిగా పాస్‌వర్డులు సరిచూసే రేడియస్ సర్వర్ మీద పడతాయి. సర్వర్ ఉక్కిరిబిక్కిరై టైమ్‌అవుట్లు ఇస్తుంటే మోడెములు మళ్లీ మళ్లీ తట్టి దాన్ని ఇంకా ముంచుతాయి. ఇదంతా రెండు గంటల్లో పట్టదు. పట్టనప్పుడు ఏది వదిలేస్తారు? వదిలేసినా కస్టమర్‌కు కనబడనిదే, ఫర్మ్‌వేర్. నాలుగు గంటలు అడగండి. ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ ఒక రాత్రి, కార్డులు ఇంకో రాత్రి అని రెండు విండోలు రాయించుకోండి. రెండోది వారం దాటనివ్వకండి, దాటితే ఇక రాదు.

రాత్రి రెండు నుంచి ఐదు అని కళ్లు మూసుకుని రాసే అలవాటు కూడా మానాలి. రంజాన్ నెలలో కర్నూలు పాతబస్తీ, కడప టౌను సహరీకి లేచి ఫోన్లు పట్టుకునేది ఆ టైములోనే. ఆ నెల పన్నెండున్నరకే మొదలుపెట్టి మూడు లోపల ముగించేలా చూసుకోవాలి, కుదరకపోతే వాయిదా వేసుకోవాలి.

ఇక కరెంటు. మన దగ్గర అన్నిటికంటే ముఖ్యం ఇదే, చెక్‌లిస్టులో అన్నిటికంటే చివర ఉండేదీ ఇదే. ఫ్లాష్ రాయడం అంటే ముందు పాత బ్లాకులు చెరిపేయాలి, తర్వాత కొత్తది రాయాలి, చివర సరిచూడాలి. చెరిపాక, రాయడం పూర్తికాకముందు పవర్ పోతే చిప్పులో పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఇప్పటి కార్డుల్లో చాలావాటికి గోల్డెన్ ఇమేజ్ అని ఒక కాపీ వేరే చోట కాపాడి ఉంచుతారు. ప్రైమరీ పాడైతే దానితో లేచి, మళ్లీ రాయించుకునే వీలుంటుంది. అన్నిటికీ ఆ భాగ్యం లేదు. పాత తరం కార్డుల్లో, కొన్ని సీపీఎల్‌డీల్లో, పవర్ మాడ్యూళ్లలో వెనకాల కాపీ ఉండదు. అక్కడ మధ్యలో కరెంటు పోతే ఆ కార్డు నేరుగా ఆర్‌ఎంఏకే, అంటే కంపెనీకి వాపసే.

అందుకని విండోకు రెండు రోజుల ముందు పగటి పూట ఈ పని చేయించండి: మెయిన్స్ ఆపండి, డీజీ (డీజిల్ జనరేటర్) ఆటో స్టార్ట్ కూడా ఆపండి, అరగంట సేపు బ్యాటరీ మీదే నడపండి. ఐదు నిమిషాలకొకసారి వోల్టేజీ రాసుకోండి. 48 వోల్టుల బ్యాంకు అంటే రెండు వోల్టుల సెల్స్ 24. ఫ్లోట్‌లో, అంటే చార్జర్‌కు తగిలించి ఉన్నప్పుడు, 54 దగ్గర చూపిస్తుంది, అది చూసి సంతోషపడొద్దు. చచ్చిన బ్యాటరీ కూడా ఫ్లోట్‌లో 54 చూపిస్తుంది. లోడు మీద అరగంటలో 48 కిందికి జారితే ఆ బ్యాంకును నమ్మి ఫ్లాష్ మొదలుపెట్టకూడదు. 43, 44 దగ్గర బ్యాటరీని విడదీసే లో వోల్టేజ్ డిస్‌కనెక్ట్ కొట్టేస్తుంది, రౌటర్‌కు చెప్పి కొట్టదు. వీఆర్‌ఎల్‌ఏ (సీలు వేసిన లెడ్ యాసిడ్) బ్యాటరీని తయారుచేసేది 25 డిగ్రీల లెక్కతో. దాని మీద ప్రతి ఎనిమిది పది డిగ్రీలకు ఆయుష్షు సగం పడిపోతుంది. మేలో కర్నూల్లో బయట 42, 43 ఉంటుంది. ఏసీ ఒకటి చెడిపోయి, రెండోది రోజంతా ఏడుస్తూ నడిచే రూములో లేబుల్ మీద ఎన్నేళ్లు రాసి ఉన్నా అది కాగితం మీది మాటే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలి వచ్చి లైన్లు పడిపోయిన రోజైతే, రాత్రికి కరెంటు తిరిగొచ్చినా ఆ విండో రద్దు చేయండి. బ్యాటరీ అప్పటికే సగం ఖాళీ అయి ఉంటుంది.

ఇంకోటి, ఏ ఫీడ్, బి ఫీడ్ అని రౌటర్‌కు రెండు కేబుళ్లు కనబడగానే రెండు దార్లున్నాయని అనుకోకండి. ఆ కేబుళ్లను చేత్తో పట్టుకుని వెనక్కి వెళ్లండి. రెండూ ఒకే ఎంసీబీ కిందికి చేరే రూములు కోకొల్లలు.

కరెంటు తర్వాత పోర్టులు. హైదరాబాద్–బెంగళూరు జాతీయ రహదారి 44 కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది కాబట్టి ఈ ఊళ్ల రౌటర్లకు ఉత్తరం వైపు ఒక అప్‌లింకు (పెద్ద నెట్‌వర్క్‌కు కలిపే లైను), దక్షిణం వైపు ఒకటి ఉండడం సహజం. ఒక వైపు రోడ్డు తవ్వి ఫైబర్ తెగినా ఇంకోవైపు నడుస్తుందని డిజైన్. కాగితం మీద బాగుంది. రూములోకి వచ్చి చూస్తే రెండు అప్‌లింకులూ ఒకే కార్డులో పక్కపక్క పోర్టుల్లో ఉంటాయి, ప్యాచ్ కేబుల్ పొడవు సరిపోయిందని. ఆ కార్డును రీలోడ్ చేస్తే ఊరు మొత్తం చీకటే. ఫర్మ్‌వేర్ సంగతి ఎత్తకముందే ఒక అప్‌లింకును వేరే కార్డుకు మార్చండి. బండిల్ మెంబర్లనూ (ఒకే లింకుగా కట్టిన పోర్టులనూ) అలాగే విడదీయండి. ఈ పనికి వేరే రాత్రి పెట్టుకోండి.

అసలు పని రోజు కన్సోల్ కేబుల్ గుచ్చి ఉండాలి, 4జీ మీదో ఇంకో దారిలోనో అవుట్ ఆఫ్ బ్యాండ్, అంటే కస్టమర్ల ట్రాఫిక్‌తో సంబంధం లేని లాగిన్ దారి, ఉండాలి. మీరు అప్‌గ్రేడ్ చేసే కార్డు మీదుగానే మీ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) వస్తుంటే, రీలోడ్ కొట్టాక ఇక చూడ్డానికి ఏమీ ఉండదు. ముందుగా "షో ప్లాట్‌ఫామ్", ఎఫ్‌పీడీ పట్టిక, ఇంటర్‌ఫేస్‌ల జాబితా, ఒక్కో ఆప్టిక్ (ఫైబర్ గుచ్చే మాడ్యూల్) పంపే, అందుకునే పవర్ డీబీఎంలో, బీజీపీ సమ్మరీ, అలారాలు తీసి రౌటర్ బయట దాచుకోండి. తర్వాత ట్రాఫిక్‌ను మెల్లగా దింపండి: రౌటర్లు దారులు చెప్పుకునే ప్రొటోకాల్ ఐఎస్-ఐఎస్ అయితే ఓవర్‌లోడ్ బిట్, ఓఎస్‌పీఎఫ్ అయితే మ్యాక్స్ మెట్రిక్, బీజీపీ పొరుగువాళ్లకు గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ కమ్యూనిటీ. ఇంటర్‌ఫేస్ కౌంటర్లు పడిపోయాకే ముందుకు పోవాలి.

కమాండు దగ్గర వెర్షన్ల గోల ఉంది. సిస్కో వాళ్ల ఆపరేటింగ్ సిస్టం 64-బిట్ ఐఓఎస్ ఎక్స్‌ఆర్‌లో "అప్‌గ్రేడ్ హెచ్‌డబ్ల్యూ-మాడ్యూల్ లొకేషన్ 0/1 ఎఫ్‌పీడీ ఆల్". పాత 32-బిట్ ఏఎస్‌ఆర్ 9000లో అడ్మిన్ మోడ్‌లోకి పోయి "ఎఫ్‌పీడీ ఆల్" ముందు, లొకేషన్ తర్వాత. ఆ పాత పెట్టెల్లో ఎఫ్‌పీడీ ప్యాకేజీ వేరే పీఐఈ (ప్యాకేజీ) ఫైలుగా వస్తుంది. ప్రధాన ఇమేజ్‌తో పాటు దాన్ని ఎక్కించకపోతే, ఆటో అప్‌గ్రేడ్ ఆన్ చేసి ఉన్నా రాయడానికి ఏమీ ఉండదు. జునిపర్ కంపెనీ రౌటర్లలో "షో సిస్టమ్ ఫర్మ్‌వేర్" చూసి, "రిక్వెస్ట్ సిస్టమ్ ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్" అని ఏ స్లాటో చెప్పాలి. "లొకేషన్ ఆల్" అని ఒక్క దెబ్బకు కొట్టేవాళ్లను చూస్తే భయమేస్తుంది. పక్క వీధిలో స్పేర్లు దొరికే మహానగరంలో కొట్టండి, ఇక్కడ వద్దు. తక్కువ కస్టమర్లున్న కార్డు ఒకటి ముందు, అది లేచి పది నిమిషాలు సవ్యంగా నడిచాక రెండోది. రూట్ ప్రాసెసర్లలో స్టాండ్‌బై ముందు.

శాతం పెరుగుతున్నంతసేపు ఏమీ ముట్టుకోవద్దు. సెషన్ తెగినా పెట్టె లోపల పని సాగుతూనే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి పట్టిక చూడండి. ఒకే శాతం దగ్గర ఆగినట్టు కనబడినా కార్డు ఊడబీకకండి. పెద్ద ఎఫ్‌పీజీఏకు చెరిపే దశలో అంకె కదలకపోవడం మామూలే.

ఫెయిల్ అయితే చాలామంది మొదట చేసేదే అన్నిటికంటే పెద్ద తప్పు: రీలోడ్. స్టేటస్ ఫెయిల్ అని వచ్చిన క్షణంలో కార్డు ఇంకా పాత ఇమేజ్‌తో బతికే ఉంటుంది, ఎందుకంటే చిప్పులో నడిచేది పాతదే, పాడైంది ఫ్లాష్‌లో రాసినది. రీలోడ్ కొడితే ఆ పాడైనదాన్నే చదువుకుంటుంది. కార్డు నడుస్తుండగానే ఫోర్స్ పెట్టి మళ్లీ రాయించండి. రెండోసారీ ఫెయిలైతే లాగ్ తీసి టీఏసీకి (కంపెనీ సపోర్టుకు) పంపండి, ట్రాఫిక్ వెనక్కి ఎక్కించండి, కార్డును అలాగే వదిలేయండి. ఆ కార్డు మీద "రీలోడ్ చేయరాదు" అని కాగితం అతికించుకున్నా నామోషీ లేదు. సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తిప్పాల్సి వస్తే ఫర్మ్‌వేర్‌నూ వెనక్కి లాగాలని హడావుడి పడొద్దు. కొత్త ఫర్మ్‌వేర్ సాధారణంగా కాస్త పాత సాఫ్ట్‌వేర్‌తోనూ నడుస్తుంది. రిలీజ్ నోట్స్ వద్దంటే తప్ప కదిలించకండి.

కార్డు లేచాక లింకు రాకపోతే ఫర్మ్‌వేర్‌ను తిట్టే ముందు ఆప్టిక్స్ చూడండి. థర్డ్ పార్టీ మాడ్యూళ్లను అనుమతించే లైన్లు కాన్ఫిగ్‌లో ఉన్నాయా, ఎఫ్‌ఈసీ (దారిలో వచ్చే తప్పులు దిద్దే పద్ధతి) రెండు చివర్లా ఒకేలా ఉందా. 100జీ ఆప్టిక్స్‌లో ఎస్‌ఆర్4 రకానికి ఆర్‌ఎస్-ఎఫ్‌ఈసీ కావాలి, ఎల్‌ఆర్4కు అక్కర్లేదు. ఒక చివర డిఫాల్ట్ మారితే వెలుతురు నిండుగా ఉన్నా లింకు డౌనే. తాడిపత్రి బండల పాలిషింగ్ యూనిట్ల వైపు, ఎర్రగుంట్ల సిమెంటు వైపు రూముల్లో రీలోడ్ సమయానికి ఫ్యాన్లు ఫుల్ స్పీడులో లేస్తాయి, ఫిల్టర్‌లోని దుమ్మంతా ఊడి తెరిచి ఉన్న ఫైబర్ కొసల మీద వాలుతుంది. ముందే ఫిల్టర్ కడిగి ఆరబెట్టండి, తీసిన ప్రతి ప్యాచ్ కేబుల్‌కూ మూత పెట్టండి.

బీరువాలో ఉన్న స్పేర్ కార్డును మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చాసిస్ రెండు మూడు వెర్షన్లు ముందుకు పోయి ఉంటుంది, స్పేర్ మాత్రం కొన్ననాటి ఫర్మ్‌వేర్‌తో పడుకుని ఉంటుంది. అసలు కార్డు పోయిన రోజు దీన్ని గుచ్చితే, ఊరంతా ఫోన్లు చేస్తుండగా కూర్చుని ఫ్లాష్ చేసుకోవాలి. మరీ పాతదైతే మధ్య వెర్షన్ ఒకటి ఎక్కించి ఆ తర్వాత కొత్తది ఎక్కించాల్సి రావచ్చు. ఖాళీ స్లాటు ఉన్న చోట, ప్రతి అప్‌గ్రేడ్ రాత్రీ స్పేర్‌ను కూడా గుచ్చి, రాసి, రీలోడ్ చేసి, తేదీ వెర్షన్ చీటీ అంటించి మళ్లీ యాంటీస్టాటిక్ కవర్లో పెట్టండి. దీనికి విండో కూడా అక్కర్లేదు, దాని మీద ట్రాఫిక్ లేదు కదా.

మండలాల్లో మైక్రోటిక్ రౌటర్ పెట్టి నెట్టు ఇచ్చే కేబుల్ ఆపరేటర్ అన్నలకూ ఇదే వర్తిస్తుంది, చిన్న రూపంలో. దాని సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్ మార్చి ఒకసారి రీబూట్ చేస్తే సగం పనే. "సిస్టమ్ రౌటర్‌బోర్డ్ ప్రింట్" కొట్టండి, కరెంట్-ఫర్మ్‌వేర్, అప్‌గ్రేడ్-ఫర్మ్‌వేర్ రెండు నంబర్లూ వేరుగా ఉంటే "సిస్టమ్ రౌటర్‌బోర్డ్ అప్‌గ్రేడ్" కొట్టి ఇంకోసారి రీబూట్ చేయాలి. ఆటో-అప్‌గ్రేడ్ "యెస్" అని పెట్టుకున్నా ఆ రెండో రీబూట్ తప్పదు. ఇన్వర్టర్ మీద నడిచే గదైతే, బ్యాటరీలో నీళ్లు చూసుకుని మొదలుపెట్టండి.