రెన్లీ చేతిలో పండు, స్టానిస్ కడుపులో ఆకలి

ఫాంటసీ పుస్తకాలు చదివేవాళ్లలో ఒక రోగం బాగా ముదిరింది. కథలో ఏ వస్తువు కనబడినా "ఇది దేనికి ప్రతీక?" అని అడగడం, రెండు నిమిషాల్లో ఏదో ఒక జవాబు తగిలించి చేతులు దులుపుకోవడం. గులాబీ అంటే ప్రేమ, కాకి అంటే చావు, వాన అంటే దుఃఖం. అంతే, అయిపోయింది. ఇంత సులువైతే ఎనిమిది వందల పేజీలు రాయడం ఎందుకు, మనం చదవడం ఎందుకు?

ఇప్పుడు నా కోపమంతా ఒక పండు గురించి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఎ క్లాష్ ఆఫ్ కింగ్స్' 1998లో వచ్చింది. అందులో ఇద్దరు అన్నదమ్ములు యుద్ధానికి ముందు గుర్రాల మీద ఎదురుపడతారు. అన్న స్టానిస్, తమ్ముడు రెన్లీ. ఇద్దరూ ఎవరికి వాళ్లు తామే రాజునని ప్రకటించుకున్నవాళ్లు. మాటకు మాట పెరుగుతుంది. రెన్లీ అంగీ లోపలికి చెయ్యి పోనిస్తాడు. అది చూసి స్టానిస్ చెయ్యి కత్తి పిడి మీదికి పోతుంది. తీరా బయటికి వచ్చింది ఒక పీచ్ పండు. తింటావా అని అడుగుతాడు తమ్ముడు. హైగార్డెన్‌ది, ఇంత తీపి నువ్వెప్పుడూ చూసి ఉండవు అంటాడు. నేనిక్కడికి పండ్లు తినడానికి రాలేదని అన్న కసురుకుంటాడు. రెన్లీ తనే కొరుక్కుంటాడు. మూతి పక్కనుంచి రసం కారుతుంది, చెయ్యి వెనకభాగంతో తుడుచుకుంటాడు. తెల్లారకముందే అతను తన డేరాలోనే, నీడ రూపంలో వచ్చిన చావుకు దొరికిపోతాడు.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతూ ఈ సీను గురించి నలుగురం వాదించుకున్నాం. పీచ్ అంటే యవ్వనం అన్నాడొకడు. శృంగారం అన్నాడు ఇంకొకడు. మూడోవాడు బాగా చదువుకున్నవాడు, చైనా కథల్లో పీచ్ అమరత్వాన్ని ఇచ్చే పండు, అది తిన్నవాడే చచ్చాడు చూశావా, ఎంత వ్యంగ్యం అన్నాడు. నేను ఇవన్నీ తప్పని అనను. రెన్లీ వెంట ఉన్న కుర్ర సర్దార్లకు యుద్ధమంటే జాతర. ఆ లోకంలో ఒక్కో కాలం ఏళ్ల తరబడి సాగుతుంది, వీళ్లు చలికాలం ఎట్లుంటుందో తెలియని పిల్లలు. వాళ్ల రాజు చేతిలో ఎండాకాలపు పండు ఉండటం బాగానే కుదిరింది. కాకపోతే ఈ అర్థాలన్నిటినీ ఇంకే కథలో ఇంకే పీచ్‌కైనా అతికించవచ్చు. ఆ ఇద్దరు అన్నదమ్ములతో వాటికి పనేం లేదు. నా పేచీ అక్కడే.

అసలు వాళ్లు ఎక్కడ నిలబడి మాట్లాడుకుంటున్నారో చూడండి. స్టార్మ్స్ ఎండ్ కోట గోడల దగ్గర. అది వాళ్ల తాతముత్తాతల ఇల్లు. ఇంతకు పదిహేనేళ్లకు పైగా ముందు, పెద్దన్న రాబర్ట్ అప్పటి రాజు మీద తిరగబడి దేశమంతా పోరాడుతుంటే, ఆ కోటను పట్టుకుని కూర్చున్నది నడిపివాడు స్టానిస్. అప్పటికి అతను మీసం సరిగా రాని కుర్రాడు. చుట్టూ టైరెల్ వంశం సైన్యం ముట్టడి వేసింది. దాదాపు ఏడాది. లోపల తిండి అయిపోయింది. గుర్రాలను తిన్నారు, కుక్కలను, పిల్లులను తిన్నారు, చివరికి ఎలుకలను తిన్నారు. ఆ కోటలోనే పసివాడు రెన్లీ కూడా ఉన్నాడు.

యుద్ధం గెలిచి రాబర్ట్ రాజయ్యాక పంపకాలు చేశాడు. ఆకలితో చచ్చి కోట కాపాడినవాడికి డ్రాగన్‌స్టోన్ అనే రాళ్ల దీవి ఇచ్చాడు. స్టార్మ్స్ ఎండ్‌ను మాత్రం చిన్నోడికి రాసిచ్చాడు. రాజు గనుక అడిగేవాడు లేడు. స్టానిస్ పళ్లు కొరుక్కుంటూ పోయి ఆ దీవిలో కూర్చున్నాడు.

ఇప్పుడా హైగార్డెన్ అనే మాట దగ్గరికి రండి. హైగార్డెన్ ఎవరిది? టైరెల్‌లది. అంటే గోడ అవతల కూర్చుని వీళ్లను ఆకలితో మాడ్చింది ఎవరో, వాళ్ల తోటలో కాసిన పండు అది. రెన్లీ పెళ్లి చేసుకున్నది ఆ ఇంటి పిల్లనే. వెనకాల నిలబడ్డ సైన్యంలో సగం వాళ్లదే. ఎలుకలు తిన్న అన్నకు, ఎలుకలు తిన్న చోటనే, ఆ గతి పట్టించిన వాళ్ల పండును, పట్టించుకోకుండా నవ్వుతూ అందిస్తున్నాడు తమ్ముడు. ఇంకా యవ్వనం, శృంగారం అంటారేంది?

మా దిక్కు ఇలాంటిది నా కళ్లారా చూసిన. దేవరకొండ అవతల ఒక ఊళ్లో, దగ్గరి చుట్టాల ఇంట్లో పంపకాల పంచాయితీ. పెద్దాయన కరువు కాలంలో బోరు మీద బోరు వేసి, అప్పుల పాలై, చివరికి ఒకదాంట్లో నీళ్లు చూసినవాడు. తండ్రి పోయే ముందు ఆ బోరున్న చెలక చిన్నోని పేరున పెట్టిండు. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. తమ్ముని భార్య చెంబుతో నీళ్లు తెచ్చి, "తాగు బావా, మన బోరుయే, సల్లగుంటయి" అన్నది. ఆమె మనసులో ఏం లేదు, మర్యాదకే అన్నది. పెద్దాయన చెంబు దిక్కు చూసిండు, చెయ్యి చాపలే. "నీళ్లు తాగనీకె రాలే" అని మాత్రం అన్నడు. ఆ తర్వాత పంచాయితీలో ఎవరేం చెప్పినా తలకెక్కలేదు. బయటికొచ్చాక పెద్దమనుషుల్లో ఒకాయన, "గిన్ని నీళ్లకేనా గంత రోషం" అని నవ్విండు. ఆయనకు బోర్ల సంగతి తెల్వదు.

చెంబు అక్కడ దేనికీ ప్రతీక కాదు. చెంబంటే చెంబే. కానీ దానిలో ఎన్నేళ్ల అప్పు ఉందో తెలిసినవాడికి అది బరువు. మార్టిన్ చేసిన పని కూడా ఇదే. పండుకు అర్థం బయటినుంచి తెచ్చి పెట్టలేదు. అన్నదమ్ముల పాత లెక్కలో నుంచి తీసిండు.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ ముట్టడిలో స్టానిస్‌ను బతికించింది ఉల్లిగడ్డ. డావోస్ అనే దొంగసరుకు రవాణా చేసేవాడు చీకట్లో పడవ వేసుకుని, కాపలా ఓడల కన్నుగప్పి, ఉల్లిగడ్డలూ ఉప్పుచేపలూ తెచ్చి కోటలో దించిండు. స్టానిస్ అతనికి సర్దారు హోదా ఇచ్చిండు, వెంటనే పాత దొంగతనాలకు శిక్షగా ఎడమ చేతి వేళ్ల కొసలు తనే నరికిండు. మంచికి బహుమతి, చెడుకు శిక్ష, ఒకదానితో ఒకటి కొట్టేయడం లేదు. స్టానిస్ అంటే అదీ మనిషి. డావోస్ ఆ వేళ్ల ఎముకలను సంచిలో వేసుకుని మెడకు కట్టుకుని తిరుగుతాడు, తన జెండా మీద ఉల్లిగడ్డ బొమ్మ వేయించుకుంటాడు. స్టానిస్ లోకంలో తిండి అంటే ఉల్లిగడ్డ. కళ్లు మండిస్తుంది, కంపు కొడుతుంది, ప్రాణం నిలబెడుతుంది. అలాంటి మనిషి ముందు రసం కారే పండు పెడితే నోట్లో పెట్టుకుంటాడా?

ఇక ఆ సీనులో పెద్ద గొంతుతో అరిచే ప్రతీకలు వేరే ఉన్నాయి. జెండాలు చూడండి. ఇద్దరిదీ ఒకే వంశపు దుప్పి. రెన్లీది బంగారు రంగు మీద కిరీటం పెట్టుకున్న నల్ల దుప్పి. స్టానిస్‌ది మంటల్లో మండే గుండెకాయ, దాని లోపల ఎక్కడో ఇరుక్కున్న చిన్న దుప్పి. కొత్త దేవుడు పాత ఇంటిని మింగేసినట్టు కనబడుతుంది. ఇద్దరూ ఒకే జెండా పట్టుకుంటే యుద్ధంలో ఎవరు ఎవరో తెలియక గందరగోళం అవుతుందని రెన్లీ జోక్ కూడా వేస్తాడు. మనకు ఈ జోక్ కొత్తది కాదు. వాలి, సుగ్రీవుడు కలబడితే ఎవరు ఎవరో పోల్చుకోలేక రాముడు బాణం వేయలేదు, సుగ్రీవుడు దెబ్బలు తిని తిరిగొచ్చాడు. రెండోసారి లక్ష్మణుడు గజపుష్పి తీగ తెంపి అతని మెడలో వేయాల్సి వచ్చింది. అన్నదమ్ములు ఒక్క తీరుగా ఉంటారు, కొట్టుకోవాలంటే బయటివాడు వచ్చి గుర్తు పెట్టాలి. స్టానిస్‌కు ఆ గుర్తు పెట్టింది ఎర్రబట్టల మంత్రగత్తె మెలిసాండ్రే.

వెలుగులు చిమ్మే కత్తి కూడా ఉంది స్టానిస్ దగ్గర, పాత జోస్యంలో చెప్పిన కత్తి ఇదేనని పేరు. చూసినవాళ్ల కళ్లు చెదురుతాయి. తర్వాతి పుస్తకాల్లో ఒక గుడ్డి ముసలి మేస్టర్ (ఆ కథలో పండితుడు) దాని పక్కన నిలబడి, వెలుగుందంటున్నారు గానీ వేడి తగలడం లేదే అని సందేహపడతాడు. చూపు ఉన్నవాళ్లందరూ నమ్మిన కత్తి అది. నాకైతే మార్టిన్ నవ్వుకుంటూ రాసినట్టే ఉంటుంది. జోస్యాల కత్తికి వేడి లేదు, చేతిలో నలిగిన పండు మాత్రం ఆ అన్నను జన్మంతా కాలుస్తుంది.

అవును, కాలుస్తుంది. తమ్ముడు చచ్చాక స్టానిస్ ఆ పండును మర్చిపోలేడు. డావోస్‌తో చెప్పుకుంటాడు, వాడు ఏమనుకుని అట్లా చేశాడో నాకు అర్థం కాదు, చచ్చేదాకా ఆ పండునే తలుచుకుంటా అని. వాడంటే నాకు ప్రేమేనని ఇప్పుడు తెలిసింది అని కూడా అంటాడు. ఆ మనిషి నోట ప్రేమ అనే మాట రావడం ఎంత కష్టమో ఆ పుస్తకాలు చదివినవాళ్లకు తెలుసు. తాను చంపించిన తమ్ముడి పక్కన పెట్టుకోవడానికి అతనికి మిగిలింది ఒక పండు గుర్తు.

ఈ పుస్తకాల మీద తీసిన టీవీ సీరియల్ 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో, 2012లో వచ్చిన రెండో సీజన్‌లో ఈ భేటీ ఉంది, పండు లేదు. బదులుగా రెన్లీ పంది మాంసం మీద ఒక జోక్ వేస్తాడు. నటులు బాగా చేశారు, మాటలూ పదునుగానే ఉన్నాయి. కానీ సీను అయ్యాక చేతికి ఏమీ మిగలదు. రెండు నిమిషాల టైం మిగుల్చుకోవడానికి ప్రాణం తీసేశారు.

మన దగ్గరి ఫాంటసీ రాసే కుర్రాళ్లకూ ఇదే చెప్పాలనిపిస్తుంది. అన్నదమ్ములు ఎదురుపడే సీను రాస్తే ఆకాశం ఉరుముతుంది, గాలికి పైపంచెలు ఎగురుతాయి, ఒకడు "ఇది మన వంశానికి..." అని మొదలు పెడతాడు. వాళ్ల జేబుల్లో ఏముందో ఎవరూ రాయరు. సరుకు లేక కాదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే 14వ శతాబ్దంలో రేచెర్ల పద్మనాయకుల్లో అన్న అనపోత నాయకుడు రాచకొండను ఏలితే, తమ్ముడు మాదా నాయకుడు దేవరకొండను ఏలాడు. ఒకే ఇంటి రెండు కొండలు. ఆ రెండు కోటల మధ్య ఒక కల్పిత భేటీ రాసుకోండి, నేనే కాగితాలు కొనిస్తా. కానీ మధ్యలో ఒక బత్తాయి పండో, సీతాఫలమో పెట్టేముందు ఆ తోట ఎవరిది, దానికి నీళ్లు ఎవరు పెట్టారు, ఎవరి వాటా ఎవరికి పోయింది, ఇది తేల్చుకోండి. లేకపోతే అది పండ్ల దుకాణం అవుతుంది.

చివరికి ఒక తగవు మిగిలింది. రెన్లీ కావాలనే చేశాడా? నేను లేదనే అంటాను. ముట్టడి నాటికి అతను చిన్న పిల్లాడు, ఆకలి గుర్తు లేదు, లేదా గుర్తుంచుకోవాల్సిన అవసరం పడలేదు. ఎగతాళి చేయాలని ఉంటే నేరుగా ఎలుకల మాటే ఎత్తేవాడు, అతని నోటికి అడ్డేముంది? నిజంగానే పండు బాగుందని ఇచ్చాడు. అన్నకు తగిలిన దెబ్బ తమ్ముడికి కనబడలేదు, పక్కనే ఉండి చూస్తున్న, ఉత్తరాది రాజు తల్లి కేట్లిన్‌కూ కనబడలేదు. మీరు నా కొడుకులైతే తలలు రెండూ పట్టి కొట్టి, అన్నదమ్ములని గుర్తొచ్చేదాకా ఒక గదిలో వేసి తాళం పెట్టేదాన్ని అని ఆమె తిట్టింది. మంచి మాటే. కానీ ఆ గదిలో స్టానిస్ ఒకసారి ఉన్నాడు, తిండి లేకుండా.

కాదు, రెన్లీ తెలిసే అవమానించాడు అనేవాళ్లతో వాదనకు నేను రెడీ. ముందు డావోస్ అధ్యాయాలు తిరగేసి రండి.